అన్నయ్య తిట్టాడా వదినా?

ఈ ఉదయం వంటింట్లో ఉప్మా కలుపుతుంటే మా వారు గుమ్మం దగ్గరికి వచ్చి, ఎంతో మెత్తగా, "నువ్వు తిన్నావా?" అని అడిగారు. చదువుతున్న నా ఈడు ఆడవాళ్ళు, ఎంత అదృష్టవంతురాలివమ్మా అనుకుంటారు కాబోలు. నాకు మాత్రం గుండె గుభేలుమంది. కాపురానికి వచ్చిన నాటి నుంచి, కరోనా రెండోసారి విరుచుకుపడిన ఆ వేసవి దాకా, నేను తిన్నానో పస్తున్నానో ఆ మహానుభావుడు అడిగిన పాపాన పోలేదు. ఆ మాట నేను మొదటిసారి విన్నది ఆసుపత్రి నుంచి వచ్చిన ఫోన్లో. అందుకే అది ఎప్పుడు విన్నా ముందు ఆయన ఊపిరి ఎలా ఉందో వింటాను.

ఇది మీకు అర్థం కావాలంటే నా ఉద్యోగం రోజులు కాస్త చెప్పాలి. పెళ్ళికి ముందు నుంచీ నేను తిరువూరు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటర్ని. చెవులకు హెడ్‌సెట్టు తగిలించుకుని, ఎదురుగా బోర్డు మీద ఈ తీగ లాగి ఆ కన్నంలో గుచ్చుతూ కూర్చుంటే, ఊరి కబుర్లన్నీ నా చెవుల్లోంచే దాటిపోయేవి. వినకూడదని రూలు ఉండేది కానీ, లైను కలిసిందో లేదో చూసుకోవద్దూ! మామిడికాయల సీజనులో విస్సన్నపేట షావుకార్లు రేటు బాగా పలికిందంటే గావుకేకలు పెట్టేవాళ్ళు. కొడుకు పుట్టాడని చెప్పే తండ్రికైతే అసలు తీగే అక్కర్లేదు, ఆ అరుపు నూజివీడు దాకా ఊరికే వినపడేది. మూడు నిమిషాలయిందండీ, ఇక లైను తీసేయాలి అంటే అలాంటివాళ్ళు నాతో పోట్లాటకు దిగేవాళ్ళు. చావు కబురు చెప్పాల్సినవాళ్ళు మాత్రం అరవరు. కాస్త కలుపుతావా అమ్మా అని మర్యాదగా అడుగుతారు, లైను ఆలస్యమైనా విసుక్కోరు, చివర ఉంటానమ్మా అని చెప్పి మరీ పెట్టేస్తారు. మంచి కబురుకు నోరెక్కువ, చెడ్డ కబురుకు మర్యాద ఎక్కువ అని ఆ కుర్చీలో కూర్చునే నేర్చుకున్నాను.

మా వారిది బస్టాండులో కంట్రోలర్ ఉద్యోగం. మైకు చెడిపోయిన రోజున కూడా ఎ.కొండూరు బస్సు ఎక్కడ ఆగిందో బజారంతటికీ తెలిసేది, అదీ ఆయన గొంతు. మా పరిచయమే తిట్లతో మొదలైంది. లైను ఇవ్వడానికి ఇంతసేపా, నిద్రపోతున్నారా అక్కడ అని ఆయన ఫోన్లో ఎగిరిపడితే, మీ బస్సులు ఎలాగూ టైముకు రావు కదండీ, తొందరేంటి అని నేనూ అంటించాను. తర్వాత పెద్దవాళ్ళు పెళ్ళిచూపులకు తీసుకొచ్చినప్పుడు ఆ గొంతు గుర్తుపట్టి, తల వంచుకు కూర్చోవలసినదాన్ని ఫక్కున నవ్వేశాను. ఇక కాపురమంతా పప్పులో ఉప్పు నుంచి కట్టెయ్యడం మర్చిపోయిన మోటారు దాకా అన్నిటికీ తిట్లే. నేనూ తక్కువ తినలేదు లెండి.

ఆ వేసవిలో ఇద్దరికీ ఒకేసారి జ్వరం తగిలింది. నాకు జ్వరంతోనే సరిపోయింది, ఆయనకు మాత్రం ఆయాసం మొదలైంది. అంబులెన్సు వచ్చి విజయవాడ తీసుకుపోతుంటే కంగారులో చేతికందినవన్నీ సంచిలో కుక్కి ఇచ్చాను. వెంట వెళ్ళడానికి లేదు. మర్నాడు మా వీధికి రెండు వైపులా వెదురు కర్రలు అడ్డంగా కట్టేశారు, గుమ్మం ముందు బ్లీచింగు చల్లిపోయారు. పాలపాకెట్టు గోడ మీద పెట్టి పక్కింటావిడ దూరంనుంచే ఏవండోయ్ అని కేకేసి వెళ్ళిపోయేది. మా అమ్మాయి ఉండేది ఖమ్మంలో. పండగ పూట బస్సెక్కితే భోజనాల వేళకు దిగే పిల్ల, మా ఊరు దాటగానే ఉన్న రాష్ట్ర సరిహద్దు దగ్గర పోలీసులు ఆపేస్తే, కారులో కూర్చుని ఫోన్ చేసి వలవలా ఏడ్చి వెనక్కి పోయింది. నేను గదిలోంచి వరండాలోకీ, వరండాలోంచి గదిలోకీ తిరుగుతూ, తాళం వెయ్యని జైల్లో ఉన్నట్టు ఉండిపోయాను.

టీవీ పెడితే శవాలు, ఫోన్ తెరిస్తే కషాయాలు. ఎక్కడో తొంభై దాటిన ముసలమ్మ కోలుకుని నవ్వుతూ ఇంటికి వెళ్ళిందని అమ్మాయి వీడియో పంపింది, ధైర్యం చెప్దామని పాపం. ఆవిడ చల్లగా ఉండాలి, కానీ ఆవిడ మా ఆయన కాదు కదా! అమావాస్య వెళ్ళగానే జబ్బు పోతుందని ఎవరో, అందరం పోతామని ఇంకెవరో. నాకు లోకం సంగతి అక్కర్లేదు, ఆ ఒక్క మంచం సంగతి కావాలి. ఆసుపత్రికి ఫోన్ చేస్తే నిలకడగా ఉన్నారండీ అనేవాళ్ళు. నిలకడ అంటే మంచికా చెడుకా అని అడిగితే అవతల ఫోన్ పెట్టేసేవాళ్ళు.

ఓపిక ఉన్నప్పుడు ఆయనే మాట్లాడేవారు. మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటూ, నువ్వు తిన్నావా, మందులు వేసుకున్నావా, జాగ్రత్త అనేవారు. చివర "ఉంటానమ్మా" అనేవారు. జీవితంలో నన్ను ఏమోయ్ అని తప్ప పిలవని మనిషి! ఫోన్ పెట్టేశాక ఎక్స్ఛేంజిలో విన్న ఆ చావు కబుర్ల గొంతులే గుర్తొచ్చేవి. విస్సన్నపేటలో ఉండే మా ఆడపడుచు రోజూ పొద్దున్నే ఫోన్ చేసి, అన్నయ్య ఎలా ఉన్నాడని అడిగేది. బాగున్నారని అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు, బాగాలేరనడానికి అసలే రాలేదు. మర్యాదగా మాట్లాడుతున్నారమ్మా అన్నాను. "మర్యాదగానా? మా అన్నయ్యా?" అని ఆ పిల్ల ఘొల్లున ఏడ్చేసింది.

అలా ఎన్నాళ్ళు గడిచాయో లెక్క పెట్టలేదు. ఒక ఉదయం ఫోన్ మోగింది. ఎత్తీ ఎత్తగానే, "బుద్ధుందా నీకు? కళ్ళజోడు డబ్బా పంపావు, అందులో కళ్ళజోడేదీ? పేపరు నీ మొహంతో చదవనా?" అని ఒకటే కేకలు. తలెత్తి చూస్తే కళ్ళజోడు టీవీ మీద ఉంది. ఖాళీ డబ్బా వెళ్ళిపోయి ఇన్నాళ్ళయినా ఆయన మూత తియ్యలేదు, ఇవాళ తీశారు. పేపరు చదవాలనిపించింది, చదవలేకపోతే కోపం వచ్చింది, కోపం వస్తే అరవడానికి ఊపిరి అందింది! తిట్టండి, ఇంకా తిట్టండి అని నేను ఏడుస్తుంటే, నీకు జ్వరం బుర్రకెక్కినట్టుందని ఇంకో నాలుగు తిట్టి, దగ్గు వచ్చి పెట్టేశారు.

వెంటనే ఆడపడుచుకు ఫోన్ చేశాను. తగ్గిపోయిందని చెప్పలేదు, ఇవాళ తిట్టారమ్మా అని మాత్రం చెప్పాను. ఆయన పక్క మంచం మీద నెమలి అనే ఊరి నుంచి వచ్చిన రైతు ఒకాయన, మామిడితోట తక్కువకు ఇస్తే ఊరుకోనని ఇంటివాళ్ళను ఫోన్లో హడలగొట్టాడట, తెల్లారేసరికి ఆ మంచం ఖాళీ. అది విన్నాక, తిట్టారంటే ఇవాళ్టికి బాగున్నారని, రేపటి మాట రేపటిదని మేమిద్దరం అనుకున్నాం. దాంతో మా ఆడపడుచు రోజూ పొద్దున హలో కూడా అనకుండా, "అన్నయ్య తిట్టాడా వదినా?" అని మొదలుపెట్టేది. కొన్నాళ్ళు తిట్టారు, మధ్యలో రెండు రోజులు మళ్ళీ ఉంటానమ్మా అన్నారు, నా పంచప్రాణాలూ పైనే పోయాయి. చివరికి సగమైపోయి, గడ్డం పెరిగిపోయి, మా గేటు ముందు కారు దిగారు.

మనిషి అయితే వచ్చారు కానీ, తిట్లు వెంట రాలేదు. మేడ మెట్లెక్కితే ఇప్పటికీ ఆయాసమే. ఉన్న ఊపిరిని పొదుపుగా వాడుకుంటున్నారో, అక్కడ చూసినవి చూశాక మనిషే మెత్తబడ్డారో నాకు తెలియదు, అడిగితే చెప్పరు. ఈ పూట ఉప్మాలో కావాలనే ఉప్పు మానేశాను. ఆ మనిషి పళ్ళెం ఖాళీ చేసి, బాగుంది అన్నారు! ఒళ్ళు మండి నేనే నాలుగు దులిపేస్తే, నవ్వుకుంటూ వరండాలోకి వెళ్ళి కూర్చున్నారు.

మన రోజుల్లో కబురు ఆలస్యంగా వచ్చినా గొంతుతో వచ్చేది, ఆ గొంతులోనే సగం సంగతి తెలిసిపోయేది. ఇప్పుడు ఎవరు ఎలా ఉన్నారన్నా ఫోన్లో ఒక బొటనవేలి బొమ్మ వచ్చి పడుతుంది. ఆ వేలికి ఆయాసం ఉందో లేదో ఎలా వినను? మా ఇంట్లో గొంతు ఎదురుగానే ఉంది, అదీ నెమ్మదించిపోయింది. ఇలా మిగలడమే గొప్ప అని నాకూ తెలుసు, ఆ రైతు భార్యను తలుచుకుంటే నోరెత్తడానికి సిగ్గేస్తుంది. అయినా ఆశ అనేది ఉంటుందిగా.

అందుకని ఇందాక, ఆయన స్నానానికి లేచినప్పుడు, కళ్ళజోడు తీసి నా కొంగున కట్టుకుని, ఖాళీ డబ్బా పేపరు మీద పెట్టి వచ్చాను. ఇప్పుడే వరండాలో కుర్చీ జరిగింది. డబ్బా మూత తెరిచిన చప్పుడయింది. కలం పక్కన పెట్టి వింటున్నాను.