ఫారంలో చివరి వాక్యం

ఆ రోజుల్లో ఎవరైనా "ఏం పని చేస్తాండావు పాపా" అని అడిగితే నేను సూటిగా జవాబు చెప్పేదాన్ని కాను. ఆరోగ్య సర్వే అనేసి మాట మార్చేదాన్ని. ఇంటింటికీ తిరిగి, ఈ ఏడాదిలో మీ ఇంట్లో ఎవరు పోయారు, ఎలా పోయారు అని అడిగి రాసుకునే పని అని నిజం చెబితే, పక్కన కూర్చున్నవాళ్ళు కాస్త జరిగి కూర్చునేవాళ్ళు. మా అమ్మయితే ఇరుగుపొరుగు వాళ్ళకు నాకు ఆస్పత్రిలో ఉద్యోగం వచ్చిందని చెప్పుకుంది. (ఆస్పత్రి దాకా చేరనివాళ్ళ గురించే నా ఉద్యోగమని ఆమెకు తెలుసు.) ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ నవ్వు పూర్తిగా బయటికి రాదు, సగంలోనే ఆగిపోతుంది. ఎందుకు ఆగిపోతుందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

తొంభైల చివరి సంగతి. పల్లెల్లో జనం ఏ జబ్బుతో పోతున్నారో తెలుసుకోవాలని ఒక పరిశోధన సంస్థ బయలుదేరింది. డాక్టరు చూడకుండా పోయినవాళ్ళ గురించి ఇంట్లోవాళ్ళను అడిగి, ఆ జవాబులను బట్టి జబ్బు ఏమిటో తేల్చడం వాళ్ళ పద్ధతి. మేము పన్నెండుమందిమి చేరాం. పది రోజులు శిక్షణ, పదకొండో రోజు ఊళ్ళో పరీక్ష, తర్వాత ఎనిమిదిమందికే ఉద్యోగం. శిక్షణకు మదనపల్లెలో చవగ్గా దొరికింది ఒక కల్యాణమండపం మేడ. కింద పెళ్ళి, పైన మేము. మేళం మోగుతుంటే మేము గొంతు పెంచి "ఊపిరి ఆగేముందు వాంతులయ్యాయా" అని ఒకరినొకరు అడిగి నేర్చుకునేవాళ్ళం. ఒకరు అడగాలి, ఇంకొకరు కొడుకు పోయిన తల్లిగానో భర్త పోయిన భార్యగానో నటించాలి. నాకు ఏడుపు ఇట్టే వస్తుందని సారు కనిపెట్టేసి, రోజుకు నాలుగుసార్లు నన్నే తల్లిని చేసేవాడు. ఆ పది రోజుల్లో నాకు పెళ్ళి కాకుండానే నలభైమంది బిడ్డలు పోయారు.

ఆ సారు పేరు ఏదైతేనేం, మేము పెట్టుకున్న పేరు తుచ సారు. ఫారంలో ఉన్నది ఉన్నట్టు, తు.చ. తప్పకుండా చదవాలి అనేది ఆయన మొదటి మాట, చివరి మాట కూడా. ఒక మాట కలపకూడదు, ఒక మాట మింగకూడదు, ఓదార్చకూడదు, తల ఊపకూడదు. ఒక్కొక్కరు ఒక్కో రకంగా అడిగితే జవాబులు ఒక దానితో ఒకటి పోల్చడానికి పనికిరావని ఆయన వివరించేవాడు. అది నిజమే, ఇప్పటికీ కాదనను. ఆ ఫారం తెలుగు మాత్రం మా జిల్లా మొహం ఎప్పుడూ చూసినట్టు లేదు. కొడుకు అని తల్లి చెప్పిన తర్వాత కూడా మేము "మరణించిన వ్యక్తి" అనే అనాలి. పందొమ్మిదో పేజీ ఆఖర్న ఒక వాక్యం: "మీ సహకారానికి కృతజ్ఞతలు. అవసరమైతే మేము మళ్ళీ వస్తాము." దాని కింద ఒక గడి. చివరి వాక్యం చదివి వినిపించారా? అవును, కాదు.

ఆ వాక్యం దగ్గర లేచి నిలబడింది పుంగనూరు అక్క. మా అందరికంటే పెద్దది, భర్త పోయాక బాలవాడిలో కొన్నేళ్ళు పనిచేసి వచ్చింది. ఆమె మెల్లగా, "సార్, ఈ కడామాట వద్దు సార్. సావింట్లో మళ్ళీ వస్తామని అనకూడదు" అంది. మా వైపు పలకరింపుకు పోయినవాళ్ళు లేచేటప్పుడు వస్తానని చెప్పరు. మాట్లాడకుండా లేచి, వెనక్కి చూడకుండా నడిచి పోతారు. వస్తానంటే మళ్ళీ అలాంటి పని మీదే ఆ ఇంటికి రావలసి వస్తుందని భయం. సారు ఓపిగ్గా విని, ఆ వాక్యం పెద్దల సంఘం కూర్చుని ఆమోదించింది, మార్చే అధికారం తనకే లేదు అన్నాడు. అక్క కూర్చుంది. అప్పుడు ముందు వరసలో కూర్చున్న ఒక మంచి విద్యార్థిని కిసుక్కున నవ్వింది. ఆ విద్యార్థినిని నేనే. మా ఇంట్లోనూ ఆ పద్ధతే, నాకూ తెలుసు. కానీ చేతికి ఫారం వచ్చాక, తెలిసినవన్నీ పాతవైపోయినట్టు అనిపించే వయసు అది.

పరీక్ష రోజు నాకు సోమల పక్కన ఒక చిన్న పల్లె పడింది. గొర్రెలు మేపుకునే ఇల్లు. ఇంటి ఒక్క కొడుకు పోయి ఐదు నెలలైంది. తుచ సారు నా వెనకాల మంచం మీద మార్కుల కాగితం పెట్టుకుని కూర్చున్నాడు. కోడలు వాకిలి దగ్గర తల వంచుకుని కూర్చుంది. జవాబులు చెప్పింది అత్త, పోయినవాడి తల్లి. ఎండకు నల్లబడిన మొహం, చెవులకు బరువైన కమ్మలు, అడిగిన ప్రతిదానికీ కళ్ళు మూసుకుని ఆలోచించేది. పోయినవాడి కూతురు, రెండేళ్ళది, నా చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని వాకిట్లో ఈడ్చుకుంటూ తిరుగుతోంది.

జ్వరం ఎన్ని రోజులు వచ్చిందని అడిగాను. చెనక్కాయలు పెరికేటప్పటి నుంచి అంది అవ్వ. రోజుల్లో చెప్పమన్నాను. ఆమెకు రాలేదు. దగ్గు ఎన్ని వారాలు? రాలేదు. కళ్ళెలో నెత్తురు ఎన్నిసార్లు పడింది? ఆమె కోడలి వైపు చూసింది, కోడలు నేల వైపు చూసింది. "నా బిడ్డ సంగతి నాకే తెలీకపాయనే" అని అవ్వ తనలో తను అనుకుంది. తెలియదు, తెలియదు, తెలియదు అని నేను వరసగా గుండ్రాలు చుట్టుకుంటూ పోయాను. అలా పోయే ఊపులో, మగవాళ్ళయితే రెండు పేజీలు వదిలేయాలన్న సూచన చూడకుండా, మరణించిన వ్యక్తి మరణ సమయంలో గర్భవతిగా ఉన్నారా అని స్పష్టంగా చదివేశాను. వెనక సారు కలం ఆగింది. అవ్వ కళ్ళు తెరిచి నన్ను చూసింది. కోపం లేదు. చదువుకున్న పిల్ల కదా, ఏదో కారణముండే అడుగుతుంది అనుకున్నట్టుంది. "మొగోడమ్మా" అని మర్యాదగా చెప్పింది. నేను కాదు అన్న దాని మీద గుండ్రం చుట్టాను.

పందొమ్మిదో పేజీకి వచ్చాం. చివరి వాక్యం దగ్గర నా నోరు ఆగింది. నా చెప్పులు వేసుకున్న ఆ పిల్ల అప్పుడే వచ్చి నా మోకాలు పట్టుకుని నిలబడింది. పుంగనూరు అక్క మాట చెవిలో పడ్డట్టే ఉంది. ఈ ఒక్కటీ మింగేస్తే ఏమవుతుంది అనుకున్నాను. గర్భం ప్రశ్నతో అప్పటికే మార్కులు పోయాయి, ఇదీ పోతే ఆ ఎనిమిదిమందిలో నేనుండను. వెనక నుంచి సారు గొంతు సవరించుకున్నాడు. చదివేశాను. "అవసరమైతే మేము మళ్ళీ వస్తాము."

అవ్వ ఏమీ తిట్టలేదు. తిట్టి ఉంటే నేను ఇన్నేళ్ళు గుర్తుపెట్టుకునేదాన్ని కాదేమో. లేచి వచ్చి, నా మోకాలు దగ్గర నుంచి పిల్లను లాక్కుని చంకనేసుకుంది. "మళ్ళీ ఏలమ్మా వచ్చేది? ఇంగ ఎవురుండారని?" అంది. చెంగుతో పిల్ల తల కప్పేసి లోపలికి పోయింది. కోడలు లేచి నా చెప్పులు రెండూ తెచ్చి వీధి గడప అవతల పెట్టింది. మేము జీపెక్కేసరికి వాకిట్లో పేడనీళ్ళు చల్లుతున్న చప్పుడు వినిపించింది. జీపులో సారు మార్కుల కాగితం చూపించాడు. గర్భం దగ్గర కొట్టివేత, చివరి వాక్యం దగ్గర పెద్ద టిక్కు. చాలామంది అక్కడే తడబడతారు, నువ్వు నిలబడ్డావు అని మెచ్చుకున్నాడు. నాకు ఉద్యోగం వచ్చింది. పరీక్షలో ఆ వాక్యం చదవనని తెగేసి చెప్పిన పుంగనూరు అక్కకు రాలేదు. ఆమె బస్సెక్కేటప్పుడు నాతో, బాగా చెయ్యి పాపా, వేళకు తిను, తిండి మానుకోవాక అని మాత్రం చెప్పి పోయింది. నా నవ్వు సంగతి ఎత్తలేదు.

నన్ను కుప్పం వేశారు. అక్కడ ఒక వీధిలో తెలుగు, ఒక వీధిలో అరవం, ఒక వీధిలో కన్నడం. ఏ భాషలో చెప్పినా చావు చావే కాబట్టి రాసుకుంటూ పోయాను. చివరి వాక్యం మాత్రం మళ్ళీ ఎన్నడూ చదవలేదు. ప్రతి ఇంట్లోనూ అది మింగేసి, పెన్ను మూసి, మాట్లాడకుండా లేచి వచ్చేదాన్ని. గడిలో మాత్రం అవును అని రాసేదాన్ని. (తుచ సారుకు తెలిస్తే ఏమైపోయేవాడో.) మరో సంగతి ఎవరికీ చెప్పుకోలేదు. ఎప్పుడు ఒంటరిగా ఉన్నా, ఆ సోమల ఇల్లూ, చెంగు కింద ఆ పిల్ల తలా గుర్తొచ్చేవి. నేను అలాంటివి నమ్మను. అయినా భయపడేదాన్ని.

నాలుగేళ్ళకు మరో విడత సర్వే వచ్చింది. అప్పటికి నేను పైమెట్టు ఎక్కాను, ఎవరు ఏ ఊరికి పోవాలో నేనే పంచాలి. పుంగనూరు, సోమల వైపు జాబితా తిరగేస్తుంటే ఆ పల్లె, ఆ ఇంటి నంబరు కనబడ్డాయి. ఎదురుగా "మరణం: ఒకటి." ఎవరిదో ఉండదు, అది మేము పోయి కనుక్కోవాలి. ఇంకెవరికైనా ఆ ఇల్లు ఇచ్చేయొచ్చు. ఇవ్వలేకపోయాను. బస్సులో దారి పొడుగునా ఆ పిల్లకు ఇప్పుడెన్నేళ్ళుంటాయో మళ్ళీ మళ్ళీ లెక్క కట్టుకున్నాను, ఒకసారి కట్టిన లెక్క చాలనట్టు.

కోడలు వాకిట్లో గొర్రెపిల్లకు పాలసీసా పట్టిస్తోంది. నన్ను చూసి గుర్తుపట్టి, నిలబడిపోయింది. నేను ఫారం తీయలేదు. పుంగనూరు అక్క అయితే ఏం చేసేదో అదే చేశాను, గడప పక్కన ఊరికే కూర్చున్నాను. కాసేపటికి ఆమే చెప్పింది. "అత్త పోయిందమ్మా." నాకు ఊపిరొచ్చింది. ఒక ముసలామె పోయిందని విని నా గుండె కుదుటపడింది. ఇది రాయడానికి ఇవాళ్టికీ సిగ్గుగానే ఉంది.

ఫారం తీసి మొదటి ప్రశ్న చదవబోతే ఆమె ఆగమంది. లోపలి గోడ చూపించింది. తలుపు వెనకాల సున్నం గోడ మీద బొగ్గుతో గీతలు, వరసలు వరసలుగా. ఇవి జ్వరం వచ్చిన దినాలు, ఇవి దగ్గు పట్టిన దినాలు, ఈ అడ్డగీతలు కూడు మింగలేని దినాలు అని చెప్పుకుంటూ పోయింది. నెత్తురు పడలేదు, రాసుకో అంది. అవ్వ మంచాన పడ్డ రోజు నుంచీ ఆమె చేత గీయించిందట. "నా కొడుకు సంగతి అడిగితే తెలీదు తెలీదు అంటిమి, వాని కాగితం కొరగాకుండా పాయ. నా కాగితమన్నా సక్కంగా ఉండల్ల" అని రోజూ గీత గీసేదాకా ఊరుకునేది కాదట. అన్నీ నేను అడగకముందే జవాబులు వచ్చేస్తున్నాయి. మధ్యలో ఆమె కొంచెం తటపటాయించి, "కడుపుతో ఉండానా అని కూడా అడుగుతాది ఆ పాప, లేదని సెప్పు అనింది" అంది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. శిక్షణలో ఒక్కోసారి ఒకటే రావాలని నేర్పారు.

అప్పుడే బడి నుంచి పిల్ల వచ్చింది. పలక సంచీ, రెండు జడలు, రిబ్బన్లు. కోడలు దాన్ని దగ్గరికి లాక్కుని, నన్ను చూడకుండా చెప్పింది. "నువ్వు పోయిన దినం నుంచి అత్తకు అదే భయం. పోయేముందు అనింది: ఆ పాప మళ్ళీ వస్తానని సెప్పిపోయె కదా. వస్తే నా కోసరమే రానీ, బిడ్డ కోసరం వద్దు అని."

నేను పందొమ్మిదో పేజీ మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. "వచ్చినావు. అయిపాయ" అంది ఆమె. గొంతులో కోపం లేదు, బతిమాలడం ఉంది. "ఇంగ రావాకమ్మా."

పెన్ను మూశాను. మాట్లాడకుండా లేచాను. వెనక నుంచి పిల్ల, అక్క ఎవురమ్మా అని అడుగుతుంటే తల్లి దాన్ని ఊరుకోమంది. నేను తిరిగి చూడలేదు. బస్సులో కూర్చుని ఫారం పూర్తి చేశాను. చివరి వాక్యం చదివి వినిపించారా అన్న గడి దగ్గర, ఇన్నేళ్ళలో మొదటిసారిగా నిజం రాశాను. కాదు.

నెల తిరక్కుండా ఆ ఫారం వెనక్కి వచ్చింది. తుచ సారు ఎర్ర సిరా, ఆయన గుండ్రటి అక్షరాలు. "అన్ని జవాబులూ అద్భుతం. చివరి వాక్యం చదవలేదు కనుక అసంపూర్ణం. మళ్ళీ వెళ్ళి పూర్తి చేసుకురావలెను." ఇప్పుడు నేనూ శిక్షణ ఇస్తాను, ఫారంలో ఉన్నది ఉన్నట్టు చదవమని పిల్లలకు చెబుతాను, వెనక వరసలో నాకేం పేరు పెట్టుకున్నారో నాకు తెలుసు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను పూర్తి చేయకుండా వదిలేసిన ఫారం అదొక్కటే. నేను మళ్ళీ వెళ్ళలేదు.