తలుపు వెనక మామయ్య

టీవీలో ఆ అంతరిక్ష నౌక సీరియల్ వచ్చే రోజుల్లో, మనిషి దగ్గరికి రాగానే వాటంతటవే పక్కకు జరిగే తలుపులను చూసి మా వీధి వీధంతా నోరెళ్లబెట్టేది. మా ఇంట్లో మాత్రం ఎవరమూ ఆశ్చర్యపోలేదు. ఆ తలుపుల వెనక తాడు పట్టుకుని నిలబడింది మా అమ్మకు స్వయానా అన్న. బంధువులందరికీ ఆయన తలుపు మామయ్య. అసలు పేరుతో పిలిచేది పోస్టుమాన్ ఒక్కడే.

తలుపంటే గొప్ప యంత్రమేమీ కాదు. బూడిదరంగు వేసిన రెండు ప్లైవుడ్ రెక్కలు, కింద సబ్బు రాసిన గాడి, పైన రెండు కప్పీలు, ఒక తాడు. లాగితే రెక్కలు విడిపోతాయి, వదిలితే ఇసుక సంచి బరువుకి మూసుకుంటాయి. ఎప్పుడు లాగాలన్నదే కష్టం. ముందే లాగితే దయ్యం తెరిచినట్టుంటుంది, ఆలస్యమైతే కెప్టెన్ వేషం వేసినాయన ముక్కు పగులుతుంది. వెనకున్నవాడికి అవతల ఏమీ కనబడదు. అందుకని సహాయకుడొకడు పక్కనుంచి మెల్లగా "ఊఁ" అనాలి, ఆ మాటకి తాడు లాగాలి.

అసలు చిక్కంతా అక్కడే ఉంది. ఆ "ఊఁ" మా మామయ్యకు వినపడదు.

అంతకుముందు ఆయన అదే స్టూడియోలో వడ్రంగి. ఏళ్ల తరబడి రంపం మిషను పక్కన నిలబడి, ముప్పై దాటేసరికి రెండు చెవులూ పోగొట్టుకున్నాడు. అప్పట్లో ఈ సంగతి తెలిసింది అత్తయ్యకు ఒక్కదానికే. ఆవిడదీ అదే స్టూడియో. ఓడ సిబ్బంది వేసుకునే మూడు రంగుల చొక్కాలు ఇస్త్రీ చేసేది. బయటికి చెప్పేస్తే పీడా పోయేది కదా అని మీరనొచ్చు. అంతకు ముందేడు పెయింటర్‌కి చెవుడని తెలిసింది. తెలిసిన రోజు సాయంత్రమే అతన్ని ఇంటికి పంపేశారు. అది కళ్లారా చూసినవాడు నోరెలా విప్పుతాడు?

మామయ్య దారి వేరు. చెప్పులు విప్పి పక్కన పెట్టి, వట్టి కాళ్లతో నిలబడేవాడు. సెట్టు నేలంతా చెక్క పలకలు. అవతల ఎవరు నడిచినా ఆ అదురు పలకల్లోంచి ఆయన అరికాళ్లకు తెలిసేది. కెప్టెన్‌వి బరువైన అడుగులు, నాలుగో దానికి లాగాలి. ఓడ డాక్టరమ్మవి పొట్టి అడుగులు, ఆవిడకు ఆరు. ఇక మనుషులు ఎదురుపడి ఏమైనా చెబితే, అర్థమైనా కాకపోయినా బుద్ధిగా తలూపేసేవాడు. ఆ తలూపడమే ఒకరోజు కొంప ముంచింది.

కెప్టెన్ బూట్లు చెక్క మీద టకటకమంటున్నాయనీ, ఇనప ఓడలా లేదు అటకలా ఉందనీ శబ్దాలు చూసేవాడు గొడవ పెట్టాడు. దాంతో ముందురోజు సాయంత్రం తలుపుకు అవతలి నేలంతా మందపాటి రబ్బరు పరిచారు. పొద్దున్నే అందరికీ చెప్పారు, మామయ్యకూ చెప్పారు. మామయ్య తలూపాడు.

ఆ రోజు తీస్తున్న ఎపిసోడ్‌లో ఓడకు రాయి తగిలి ఒక గదిలోంచి గాలి బయటికి పోతూ ఉంటుంది. లోపల ఆరుగురు చిక్కుకుపోయారు. కెప్టెన్ పరుగున రావాలి, తలుపు తెరుచుకోవాలి, వాళ్లను బయటికి లాగాలి. కెప్టెన్ పరుగున వచ్చాడు. మామయ్య అరికాళ్లకు ఏమీ తెలియలేదు. కెప్టెన్ వెళ్లి తలుపుకు దబ్బున గుద్దుకున్నాడు.

ఇంకొకరైతే అక్కడే ఆపేసి తిట్ల దండకం ఎత్తుకునేవారు. ఆయన ఆపలేదు. ముక్కులోంచి రక్తం కారుతుండగానే అరచెయ్యి తలుపుకు ఆనించి మూడుసార్లు తట్టాడు.

"తెరువు తల్లీ, లోపల మనవాళ్లున్నారు" అన్నాడు. ఆ మాట రాతలో లేదు.

ఆ మూడు దెబ్బలూ ప్లైవుడ్‌లోంచి తాడుకీ, తాడులోంచి మామయ్య చేతికీ పాకాయి. లాగాడు.

ఆ షాటు అలాగే ఉంచేశారు. ఆ సీరియల్లో అన్నిటికన్నా గొప్ప ఎపిసోడ్ అని ఇప్పటికీ జనం చెప్పుకునేది దాన్నే. కానీ ఆ క్షణాన దర్శకుడికి అదేమీ పట్టలేదు. ముక్కు మీద కోపం ఉన్న మనిషి, సెట్టు వెనక్కి దూసుకొచ్చాడు.

"నిద్రపోతున్నావా? ఇంకొక్కసారి ఇలా జరిగితే రేపట్నుంచి రాకు!"

ఆ మాటలు వినడానికి చెవులు అక్కర్లేదు, మొహం చూస్తే చాలు. మామయ్య గుండెల్లో రాయి పడింది. రబ్బరు అక్కడే ఉంది, మధ్యాహ్నం మళ్లీ అదే తలుపు.

విరామంలో ముక్కులో దూది పెట్టుకుని కెప్టెన్ వచ్చాడు. మామయ్య వంగి గాడికి సబ్బు రాస్తున్నాడు. "ఏమయ్యా" అని పిలిచాడు కెప్టెన్. పలకలేదు. మళ్లీ పిలిచాడు. అప్పుడు ఆయన చూపు పక్కన విప్పిన చెప్పుల మీద పడింది, తర్వాత వట్టి కాళ్ల మీద. సెట్టు వెనక రబ్బరు లేదు. కెప్టెన్ నేల మీద బూటుతో గట్టిగా తన్నాడు. మామయ్య చటుక్కున తిరిగాడు.

మామయ్యకు పైప్రాణాలు పైనే పోయాయి.

"ఎన్నాళ్ల నుంచి?" అని పెదాలు స్పష్టంగా కదుపుతూ అడిగాడు కెప్టెన్.

"ఆరేళ్లు సార్. చెప్పకండి సార్, మీకు దణ్ణం పెడతాను. ఈ చెవులతో నన్నెవరు పెట్టుకుంటారు?"

"రబ్బరు తీయించమంటే ఎందుకని అడుగుతారు." కెప్టెన్ తలుపు అంచు తడిమి చూశాడు. "పక్కన చట్రం మీద తడితే తెలుస్తుందా?"

"ఇందాక తెలిసింది కదా సార్."

కెప్టెన్ ముక్కులో దూది సర్దుకుంటూ వెళ్లిపోయాడు. చెబుతాడో చెప్పడో తెలియక మామయ్య రాసిన గాడికే మళ్లీ సబ్బు రాస్తూ కూర్చున్నాడు.

మధ్యాహ్నం మామయ్య తాడుతో పాటు చట్రం మీద కూడా చెయ్యి వేసి నిలబడ్డాడు. కెప్టెన్ నడిచి వస్తూ, తలుపు ఇంకో అడుగు దూరంలో ఉండగా, చట్రాన్ని అరచేత్తో రెండుసార్లు తట్టాడు. తలుపు తెరుచుకుంది.

"ఆ తట్టడమేంటి?" అని అరిచాడు దర్శకుడు.

"ఓడ మీద ప్రేమండీ. మనల్ని మోస్తున్న తల్లి కదా, చెప్పి వెళ్లొద్దూ?"

దర్శకుడు గడ్డం గోక్కున్నాడు. "బాగానే ఉంది. ప్రతిసారీ చెయ్యి. అందరూ చెయ్యండి."

అలా అది ఓడ ఆచారమైపోయింది. డాక్టరమ్మ తట్టింది, ఇంజనీరు తట్టాడు, మధ్యలో వచ్చిన వేరే గ్రహం వాళ్లు కూడా తట్టారు. చూసే జనం సంగతి చెప్పక్కర్లేదు. నేను మా బడి తలుపు తట్టితట్టి టీచరు చేత చెవి మెలి పెట్టించుకున్నాను. సీరియల్ ఇంకో నాలుగేళ్లు నడిచింది, మామయ్య తలుపు మళ్లీ ఒక్కసారి కూడా తప్పలేదు.

అయినా ఆ ఎపిసోడ్ మాత్రం ఆయన ఏనాడూ చూడలేదు. అది వేస్తున్నారంటే చాలు, సైకిల్‌కి నూనె రాయాలని బయటికి జారుకునేవాడు. "నా తప్పు నేనే కూర్చుని చూసుకోవాలా?" అనేవాడు. తలుపు తెరుచుకునేటప్పుడు వచ్చే ఆ "స్‌స్‌స్" చప్పుడు తన ఇస్త్రీ పెట్టెదేననీ, శబ్దాల అతను మైకు పట్టుకొచ్చి తడి చొక్కా మీద పెట్టెను అదిమించుకుని రికార్డు చేసుకున్నాడనీ అత్తయ్య ఎన్నిసార్లు చెప్పినా, ఎగతాళి అనుకుని చెయ్యి విదిలించేవాడు. చెవికి మిషను పెట్టించుకోమంటే మా అందరి మీదా ఇంతెత్తున లేచేవాడు. ఉద్యోగం మానేసి ఏళ్లు గడిచినా దాచుకునే అలవాటు మానలేదు. ఆ మొండితనం చూస్తే నాకు ఒళ్లు మండిపోయేది.

పోయినేడు ఒక సాయంత్రం మామయ్య ఎప్పటిలాగే వీధి తలుపు చట్రానికి వీపు ఆనించి పేపరు చదువుతున్నాడు. ఉన్నట్టుండి ఒళ్లు జలదరించినట్టు లేచి తలుపు తీశాడు. బయట చేతికర్రతో కెప్టెన్. బెల్లు జోలికి పోకుండా చట్రాన్నే తట్టాడట.

"నాకూ వచ్చిందయ్యా" అని తల తిప్పి చెవిలోని మిషను చూపించాడు. "ఓడను ఎందుకు తట్టేవారని అందరూ అడుగుతారు. ఇన్నేళ్లూ తల్లి అనే చెప్పాను. ఈసారి అడిగితే నిజం చెప్పాలని ఉంది. నువ్వు వద్దంటే చెప్పను."

మామయ్య ఆయన రెండు చేతులూ పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "చెప్పండి సార్. ఇప్పుడు నన్నెవరు పంపేస్తారు?"

తర్వాతి వారమే నేను దగ్గరుండి మామయ్యకు చెవి మిషను పెట్టించాను. ఇంటికి రాగానే ఎవరూ అడగకుండానే ఆ ఎపిసోడ్ పెట్టమన్నాడు. కుర్చీ టీవీకి దగ్గరగా లాక్కున్నాడు. కెప్టెన్ గుద్దుకున్నప్పుడు తనే ముక్కు పట్టుకున్నాడు. మూడు దెబ్బలు పడ్డాయి. తెరువు తల్లీ, అన్నాడు కెప్టెన్. తలుపు తెరుచుకుంది. స్‌స్‌స్.

మామయ్య ఉలిక్కిపడి అత్తయ్య వైపు తిరిగాడు. పెళ్లయిన కొత్తలో, చెవులు బాగున్న రోజుల్లో రోజూ విన్న చప్పుడు అది.

"ఏమే, ఇది నీ ఇస్త్రీ పెట్టె కదూ!"

"నలభై ఏళ్లుగా అదేగా మొత్తుకుంటున్నాను. నా మాట వినబడితేగా మీకు!"

"అయితే నేను తాడు లాగిన ప్రతిసారీ నువ్వూ ఉన్నావన్నమాట" అన్నాడు.

"ఉండక ఎక్కడికి పోతాను?" అంటూ అత్తయ్య కళ్లు తుడుచుకుంది.

"అమ్మాయ్, వెనక్కి తిప్పు" అన్నాడు మామయ్య నాతో. "తలుపు దగ్గర్నుంచి పెట్టు."