లెక్క మధ్యలో పిలవకూడదు

మా అమ్మాయి చుట్టిన మోటారు కాలిపోగా చూసినవాడు కృష్ణా జిల్లాలోనే లేడని చాలాకాలం చెప్పుకుని తిరిగాను. ఉన్నారు. ఒక మోటారు వోల్టేజీ పడిపోయి కాలింది. ఇంకోటి మాత్రం తన పొరపాటేనని అమ్మాయే ఒప్పుకుంది కాబట్టి, తండ్రిగా నాకూ ఒప్పుకోక తప్పడం లేదు. కంకిపాడు చుట్టుపక్కల తన పేరు తెలియని రైతు లేడన్నది కూడా నా మాటే. అందులో సగం తీసేసి మిగతాది నమ్మండి.

నేను బస్సు కండక్టరుగా పనిచేశాను. ఉద్యోగమంతా బెజవాడకీ బందరుకీ మధ్యే గడిచింది. ఆ రోడ్డు మీద ప్రతి గుంటా నాకు చుట్టమేనని అంటుంటాను. గుంటలు ఏటా చోటు మారతాయి, అది వేరే సంగతి. కానీ ఎక్కినవాళ్ల మొహం చూసి ఎక్కడ దిగుతారో చెప్పగలిగేవాణ్ణి. ముఖ్యంగా తొంభైల చివర్లో, జూన్ నెలల్లో. తండ్రి భుజాన ఇనప్పెట్టె, పిల్లాడి చేతిలో కొత్త ప్లాస్టిక్ బకెట్టు, అందులో మగ్గు. వాళ్లు బెంజ్ సర్కిల్ దగ్గర దిగుతారు. హాస్టలుకి. టికెట్టు కొడుతూ “ఎంపీసీయా, బైపీసీయా?” అని అడిగేవాణ్ణి. ఇన్నేళ్లలో మూడో మాట చెప్పినవాడు లేడు. తిరుగు బస్సులో ఆ తండ్రులు ఒట్టి చేతులతో ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని, నేను చిల్లర ఇవ్వబోతే తీసుకోవడం కూడా మరిచిపోయేవాళ్లు.

మా అమ్మాయిదీ ఎంపీసీయే. ఎంసెట్‌లో ర్యాంకు ఎంతొచ్చిందో చెప్పను. ఫోను నంబరులా ఉందని నేను హాస్యమాడితే వారం రోజులు నాతో మాట్లాడలేదు. నిజానికి రెండు రోజులే. ఆ తర్వాత ఉయ్యూరులో మా ఇంట్లో సీలింగ్ ఫ్యాను కాలిపోయింది, దాంతో మాట్లాడక తప్పలేదు.

ఉయ్యూరులోనూ ఫ్యాన్లు బాగుచేసేవాళ్లున్నారు. కానీ కంకిపాడులో రోడ్డు వారన రేకుల షెడ్డులో మోటారు వైండింగ్ షాపు నడిపే మేస్త్రీ నాకు స్నేహితుడు. బెజవాడ నుంచి వచ్చి అక్కడ స్థిరపడిన ముస్లిం కుటుంబం. ఊరంతా భాయ్ అనేది, నేనూ అదే పిలుపు. రాగి తీగ ఉండలు బెజవాడలో కొని నా బస్సులోనే తెచ్చుకునేవాడు. వాటికి లగేజీ టికెట్టు కొట్టాలని నేను, ఒళ్లో పెట్టుకున్నది లగేజీ ఎలా అవుతుందని అతను. ఆ తగువులోంచే స్నేహం పుట్టింది. ఫ్యానిచ్చి అమ్మాయిని అక్కడికి పంపాను. గంటలో రావాల్సిన పిల్ల పొద్దుగూకాక వచ్చింది.

“ఇంతసేపు ఏం చేశావే?” అంది మా ఆవిడ.

“చూశాను.”

“ఏం చూశావు?”

“ఫ్యానులో ఇంత తీగ ఉంటుందని నాకు తెలీదమ్మా. భాయ్ గారు మొత్తం పీకేసి మళ్లీ చుట్టారు. వాళ్లావిడ లోపల పరిచే కాగితాలు కోసిస్తుంటే నేనూ కోశాను.”

మర్నాడు మళ్లీ వెళ్లింది. ఆ మర్నాడూ వెళ్లింది. అది వేసవి. వోల్టేజీ చాలక పొలాల్లో మోటార్లు వరసగా కాలే కాలం. భాయ్ షెడ్డు ముందు మోటార్లు ఆసుపత్రిలో రోగుల్లా వరస కట్టేవి. భాయ్ భార్య వెనక గదిలో కూర్చుని కాగితం కోసేది. ఆవిణ్ణి మా అమ్మాయి వాళ్ల భాషలోనే చాచీ, అంటే పిన్నీ, అనడం మొదలుపెట్టింది. కాగితం కొయ్యడం నుంచి కాలిన తీగ పీకడానికి, అక్కణ్ణుంచి చెయ్యి తిప్పి చుట్టలు చుట్టడానికి, ఎప్పుడు ఎక్కిందో నేను గమనించలేదు. సెలవుల్లో కాలక్షేపం అనుకున్నాను. మా ఆవిడ మాత్రం పిల్ల వేళ్ల మీద గీతలు చూసి గమనించింది.

మోటారు కాలిందంటే లోపలి రాగి తీగ మాడిందని అర్థం. మాడిన తీగ పీకి, ఇనుములోని గాడుల్లో కొత్త కాగితం పరిచి, కొత్త తీగను చుట్టలుగా చుట్టి, ఆ పోగుల్ని గాడుల్లోకి దించాలి. ఒక్కో చుట్టకీ ఇన్ని చుట్లని లెక్క. భాయ్ దగ్గర లెక్కపెట్టే మీటరు లేదు. నోటితోనే లెక్క. అందుకని షాపులో ఒక కట్టుబాటు: చెయ్యి తిరుగుతున్నంతసేపూ ఎవరూ పలకరించకూడదు. ఎంత పెద్దమనిషి వచ్చినా బల్ల మీద కూర్చోవాల్సిందే. ఒకసారి కలెక్టరుగారే వచ్చి నిలబడితే భాయ్ తల ఎత్తలేదని నేను బస్సంతా చెప్పాను. వచ్చింది మండలాఫీసు అటెండరు. కానీ నిలబడిన మాట నిజం.

రెండో కట్టుబాటు ఇంకా విచిత్రమైనది. ఒకరు మొదలుపెట్టిన మోటారుని ఇంకొకరు ముట్టుకోరు. తీగ లాగే బిగువు మనిషికీ మనిషికీ వేరుగా ఉంటుందని, రెండు చేతుల పని ఒక మోటారులో కలిస్తే అది ఎప్పుడో ఒకప్పుడు తిరగబడుతుందని భాయ్ అనేవాడు. ఇదంతా పెద్ద శాస్త్రమనుకున్నాను. తర్వాత బెజవాడలో వేరే షాపుల్లో అడిగితే నవ్వారు. “మాకు అలాంటిదేం లేదండీ, ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లు చుడతారు” అన్నారు. కాబట్టి అది శాస్త్రమో, భాయ్ మొండితనమో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ షాపులో మాత్రం అది చట్టం.

వేసవి పోయింది. బెజవాడలో ఒక ఆడపిల్లల కాలేజీలో బీఎస్సీ సీటు వచ్చింది. ఒరిజినల్ సర్టిఫికెట్లతో పిల్ల స్వయంగా వచ్చి, గడువు రోజు సాయంత్రం ఆఫీసు మూసేలోపు చేరాలన్నారు. మేం నాన్చి నాన్చి ఆఖరి రోజు దాకా వచ్చాం. నాన్చింది అమ్మాయి. “సరే వెళ్దాంలే” అంటూనే రోజులు గడిపింది. ఆ ఆఖరి రోజు పొద్దున్నే, కంకిపాడులో కాస్త పనుందనీ, మధ్యాహ్నం నేను బస్సులో వస్తే అక్కడ ఎక్కుతాననీ చెప్పి ముందే వెళ్లిపోయింది. నేను ఆ రోజుకి సెలవు పెట్టాను. ఫైలు నా చేతికిచ్చి మా ఆవిడ, “దార్లో ఎవరితోనైనా కబుర్లలో పడి దిగిపోకండి” అంది. ముప్పై ఏళ్ల కాపురంలో మనిషి మనల్ని ఎంతగా చదివేస్తుందో చూడండి. ముప్పై కాదు, అప్పటికి ఇరవై.

కంకిపాడులో స్టాపు దగ్గర అమ్మాయి లేదు. దిగి షెడ్డుకి వెళ్లాను.

కింద గోనెపట్టా మీద కూర్చుని ఉంది. ఎదురుగా పొట్ట తెరుచుకున్న మోటారు. సగం గాడులు నిండాయి, సగం ఖాళీ. మిగతా చుట్టల కోసం కుడిచేత్తో చుట్టే మర పిడి తిప్పుతూ, ఎడమచేత్తో తీగ నడుపుతూ, పెదాలు కదుపుతూ లెక్కపెడుతోంది. బల్ల మీద ఒక రైతు. ఉయ్యూరు అవతల చెరుకు వేశాడు, బోరు మోటారు కాలి తెచ్చాడు. భాయ్ ఒక మూల వేరే పనిలో ఉన్నాడు. నన్ను చూసి వేలు పెదాల మీద పెట్టి, బయటికి రమ్మని సైగ చేశాడు.

“ఏంటి భాయ్ ఇది? ఇవాళ కాలేజీలో చేరాలి, తెలుసుగా?”

“నాకేం తెలుసు కండక్టరు గారూ. మొన్న ఈ మోటారు ఒక్కదానివే చుట్టుకో బేటీ అన్నాను. ఇన్నాళ్లకి మొదటిసారి. ఇవాళే మొదలుపెట్టింది. కాలేజీ ఇవాళే అని నాతో చెప్పలేదు.”

“మిగతాది నువ్వు చుట్టెయ్. బస్సు వస్తోంది.”

“నేను ముట్టుకోను.”

“ఈ ఒక్కసారికి.”

“మీరు తీసుకెళ్తే తీసుకెళ్లండి, నేను అడ్డం రాను. తను చుట్టిందంతా కోసి పడేసి మొదట్నుంచి చుట్టుకుంటాను. నష్టం నాది.”

బల్ల మీది రైతు లోపలి నుంచే అందుకున్నాడు. “మొదట్నుంచి అంటే ఎల్లుండి అవుద్దిగా భాయ్. ఏవండీ కండక్టరు గారూ, మీ అమ్మాయి డిగ్రీకి నా చెరుకు ఎండాలా?”

“మీ చెరుకుకి మా అమ్మాయి డిగ్రీ ఎండాలా?” అన్నాను.

“అసలు నేను తెచ్చింది భాయ్‌కి ఇద్దామని. కాలేజీ పిల్ల చుడుతుందని ఎవరనుకున్నారు?” అని సణిగాడు.

లోపల లెక్క ఆగలేదు. మేం అన్నవి తనకి వినపడ్డాయి, తల కాస్త మా వైపు ఒరగడం చూశాను. చెయ్యి మాత్రం తిరుగుతూనే ఉంది.

బెజవాడ బస్సు వచ్చింది. అందులో కండక్టరు నా తోటివాడు, బావా అని పిలుస్తాడు. “ఏం బావా, సెలవు పెట్టి మరీ ఇక్కడ నిలబడ్డావు? ఎక్కు.” అతనికి చెయ్యి ఊపి పంపేశాను. తర్వాతి బస్సులో వెళ్లినా అందుతుంది.

షెడ్డు గుమ్మంలో నిలబడ్డాను. నోరు మూసుకుని నేను ఎక్కువసేపు ఉండలేనని మా బంధువులందరికీ తెలుసు. ఆ రోజు ఒక్క పిలుపు చాలు. పేరు పెట్టి పిలిస్తే లెక్క తప్పుతుంది, ఆ చుట్ట కోసేసి మళ్లీ మొదలెట్టాలి, అంత టైము ఎటూ లేదు కాబట్టి లేచి నాతో వచ్చేస్తుంది. తప్పు నాది కాదు, టైముదని అందరం సర్దుకోవచ్చు. ఇదంతా అక్కడే నిలబడి ఆలోచించాను. పిలుపు నాలుక దాకా వచ్చింది. దగ్గాను కూడా.

ఎందుకు పిలవలేదో గొప్పగా చెప్పుకోవచ్చు. చేతిపని విలువ ఆ క్షణాన తెలిసిందని ఒకటి రెండు పెళ్లిళ్లలో చెప్పాను. అదేం లేదు. నాకు కనపడింది బకెట్లు పట్టుకున్న పిల్లలు. ఇన్నేళ్లలో ఎంతమందిని బెంజ్ సర్కిల్ దగ్గర దింపానో. వాళ్లలో చాలామంది బాగుపడ్డారు, అబద్ధమెందుకు. దసరా సెలవులకి తిరిగొస్తూ బస్సులోనూ పుస్తకం మూయని పిల్లలుండేవాళ్లు, చదువంటే అంత ఇష్టం. చదువు మీద నాకు కోపం లేదు. కానీ ‘ఇది మధ్యలో వదలను’ అనే మొహం మా అమ్మాయికి రెండేళ్ల ఇంటర్‌లో ఒక్కసారీ రాలేదు. ఇక్కడ గోనెపట్టా మీద వచ్చింది. అదే మొహం ఏ లెక్కల పుస్తకం ముందైనా వచ్చుంటే, ఫైలు తీసుకుని నేనే ముందు పరిగెత్తేవాణ్ణి.

చుట్ట పూర్తయింది. తీగ కొస మెలిపెట్టి, అప్పుడు తలెత్తింది.

“నాన్నా, ఆఫీసు ఎంతసేపుంటుంది?”

“ఇప్పుడు బయల్దేరితే అందుతుంది.”

మోటారు వైపు చూసింది. “ఇది వదిలేస్తే కోసేస్తారు.”

“భాయ్ చెప్పాడు.”

“ముందే చెప్పాల్సింది నేను. చెప్తే మోటారు ఇవ్వరని చెప్పలేదు.” వేళ్లు గోనెపట్టాకి తుడుచుకుంది. “నువ్వు రమ్మంటే వస్తాను నాన్నా.”

పిల్లలు మన మీదికి ఎంత సులువుగా తోసేస్తారో. భాయ్ తల వంచుకుని ఏదో స్క్రూ తిప్పుతున్నాడు. రైతు మాత్రం నా నోటి వంకే చూస్తున్నాడు. వెనక గదిలో చాచీ కత్తెర చప్పుడు ఆగిపోయింది.

“నేను టీ తాగొస్తా. నువ్వు లెక్క చూసుకో” అన్నాను.

అంతే అన్నాను. బయటికొచ్చి టీ కొట్టు దగ్గర కూర్చున్నాను. ఇంకో బస్సు వెళ్లింది. ఫైలు ఒళ్లో ఉంది. అప్పుడు భయం వేసింది. ఆ పిల్ల జీవితం పాడుచేశానేమోనన్న భయం. ఆ భయం ఆ రోజుతో పోలేదు. తర్వాత కూడా, తన స్నేహితురాళ్లు బ్యాంకు ఉద్యోగాల్లో చేరారని విన్నప్పుడల్లా, బావుల్లోకి దించే కొత్తరకం మోటార్లు వచ్చి తను మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాల్సి వచ్చినప్పుడు, వార్నిష్ వాసనకి రాత్రిళ్లు దగ్గినప్పుడు, అది తిరిగి వచ్చేది.

సాయంత్రానికి గాడులన్నీ నిండాయి. తీగ కదలకుండా వార్నిష్ పోస్తారు, అది పొయ్యకముందు ఒకసారి తిప్పి చూస్తారు. ఎవరు చుడితే వాళ్లే స్విచ్ వెయ్యాలి. తను లేచి గోడ దగ్గరికెళ్లింది. రైతు బల్ల మీంచి లేచి రెండడుగులు వెనక్కి వేశాడు. నేను మూడు వేశాను. స్విచ్ వేసింది. మోటారు ఒక్క క్షణం మూలిగినట్టనిపించింది. ఆ తర్వాత సాఫీగా తిరిగింది. భాయ్ దాని మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని, చాలాసేపు ఉంచాడు. తన పనికి తిరిగి వెళ్లిపోయాడు.

రైతు కండువా దులుపుకుని భాయ్ వైపు తిరగబోయి, ఆగి, మా అమ్మాయి వైపు తిరిగాడు.

“రేపు ఎన్నింటికి రమ్మంటావమ్మా?”

“వార్నిష్ ఆరాలండీ. మధ్యాహ్నం తర్వాత రండి.”

ఇంటికి వెళ్తూ దారంతా మా ఆవిడకి చెప్పడానికి కారణాలు కూర్చుకున్నాను. ఆఫీసులో గుమాస్తా లేడు, రోడ్డు మీద లారీ అడ్డం పడింది, ఇలాంటివి. లారీ నాకు బాగా నచ్చింది. గుమ్మంలో అడుగుపెట్టామో లేదో, “చేర్చుకున్నారా?” అని అడిగింది. నేను గొంతు సవరించుకునేలోపే అమ్మాయి అనేసింది.

“నేనే వెళ్లలేదమ్మా. మోటారు మధ్యలో ఉంది.”

మా ఆవిడ నా వంక చూసింది. ఆ చూపు గురించి రాయను. తర్వాత పిల్ల చేతుల వంక చూసింది.

“తిరిగిందా మరి?” అంది చివరికి.

“తిరిగింది.”

నాతో మాత్రం మా ఆవిడ వారం రోజులు మాట్లాడలేదు. ఈసారి నిజంగానే వారం. కానీ మర్నాడు నేను లేచేసరికే వంటింట్లో క్యారేజీ గిన్నెల చప్పుడు వినిపించింది. కంకిపాడు వెళ్లే పిల్లకి అన్నం సర్దుతోంది.