చుట్టబట్టల క్రిస్మస్

నా చిన్నప్పుడు మా గని కాలనీకి క్రిస్మస్ వచ్చిందని మొదట తెలిసేది పచ్చి వెదురు వాసనతో. మా నాయన షిఫ్టు దిగి వచ్చి, టేకులపల్లి వైపు అడవి నుంచి తెచ్చిన వెదురును ఇంటి వెనక కూర్చుని చీల్చేవాడు. ఆ బద్దలతో పెద్ద నక్షత్రం కట్టేవాడు. అమ్మ గంజి కాచి ఇచ్చేది. రంగు కాగితాలు అంటించడం నా వంతు. మా వరుసలో క్రైస్తవ కుటుంబాలు మాదీ, పక్కింటివాళ్ళదీ మాత్రమే. అయినా మా గుమ్మం మీద ఆ నక్షత్రం వెలిగిందంటే పండుగ వరుసంతటిదీ అయ్యేది.

నాకు ఎనిమిదేళ్ళ వయసప్పుడు, వానాకాలంలో, గనిలో పైనుంచి బండ జారిపడి మా నాయన చనిపోయాడు. పొద్దున అన్నం డబ్బా పట్టుకుని నడిచివెళ్ళిన మనిషిని సాయంత్రానికి మోసుకొచ్చారు. ఆ తర్వాతి రోజులు నాకు వరుసగా గుర్తులేవు. గుర్తున్నదల్లా ఇంటి నిండా మనుషులు, మధ్యలో ఒక్క మాటా లేకుండా కూర్చున్న అమ్మ.

కాలనీవాళ్ళు మమ్మల్ని చాలా బాగా చూసుకున్నారు. ఒక ఇంటి నుంచి అన్నం వస్తే ఇంకో ఇంటి నుంచి కూర వచ్చేది. నల్లా దగ్గర ఎంత బారు ఉన్నా, ముందు మా బిందెలు నింపి గుమ్మంలో దించిపోయేవారు. అమ్మకు అరుగు దిగాల్సిన అవసరమే లేకుండా చేశారు. అమ్మ దిగనూ లేదు. ఆమెతో మాట్లాడేటప్పుడు అందరూ గొంతు తగ్గించేవారు. బడిలో నాకు ఎవరో ఒకరు తమ జామకాయలో సగం విరిచి పెట్టేవారు. అలా తీసుకున్న ప్రతిసారీ నేను ఇంకాస్త చిన్నదాన్ని అయిపోతున్నట్టు ఉండేది. దాన్ని చెప్పుకోవడానికి ఆ వయసులో నాకు మాటలు లేవు.

నాయన బట్టలు ఎవరికైనా ఇచ్చేద్దామని చుట్టాలు అంటే అమ్మ ఒప్పుకోలేదు. ఆయన నీలిగళ్ళ లుంగీలను రేకుపెట్టెలో పెట్టి తాళం వేసుకుంది. మా తమ్ముడు ఆ పెట్టె మీదికి ఎక్కినా దించేసేది.

అలాగే డిసెంబరు వచ్చింది. ఒక మధ్యాహ్నం పక్కింటి అక్క మా ఇంటికి వచ్చింది. ఆమెకు పద్దెనిమిదేళ్ళుంటాయేమో. ఆదివారం చర్చిలో చిన్నపిల్లలకు బైబిలు కథలు చెప్పేది. మా ఇంటికి వట్టి చేతులతో వచ్చిన మనిషిని చాలా రోజుల తర్వాత ఆ రోజే చూశాను.

“చిన్నమ్మా, నాకు జర సాయం గావాలె,” అంది.

అమ్మ తలెత్తి, “ఈ ఏడు మాకు పండుగ లేదు బిడ్డా,” అంది.

“పండుగ జెయ్యమంటలేను. పిల్లలతోటి ఇంటికో చుట్టబట్ట జేయించి క్రిస్మస్‌కు ఇద్దామనుకున్న. నాతోని ఒక్కదానితోని అయితలేదు. మా ఇంట్ల జాగ గూడ లేదు. మీ అరుగు మీద కూసుంటం.”

చుట్టబట్ట అంటే నీళ్ళ బిందె మోసేటప్పుడు ఆడవాళ్ళు నెత్తిన పెట్టుకునే గుండ్రటి మెత్త. అప్పట్లో ప్రతి ఇంట్లోనూ దాని అవసరం ఉండేది. అమ్మ అవుననలేదు, కాదనలేదు. అక్క దాన్నే అవుననుకుని మర్నాడు పిల్లల మందను వెంటబెట్టుకొచ్చింది.

వరికోతలు అయిపోయిన రోజులవి. కాలనీ అవతలి మడుల్లో అడిగితే కావలసినంత గడ్డి ఇచ్చారు. మరీ చిన్నపిల్లలు పొడుగాటి పోచలు ఏరి పెట్టేవారు. వాటి మీద నీళ్ళు చిలకరించి మెత్తబడ్డాక, మాలాంటి కాస్త పెద్దవాళ్ళం ఒక కొస కాలి బొటనవేలికి బిగించి తాడులా పేనేవాళ్ళం. అక్క దాన్ని గుండ్రంగా చుట్టి, మా నెత్తి మీద పెట్టి కొలత చూసి, దర్జీ దగ్గర అడిగి తెచ్చిన గుడ్డపీలికలను చుట్టూ బిగించి కుట్టేది. మా తమ్ముడు చేసింది ఒక పక్క లావు, ఒక పక్క సన్నం. అక్క దాన్ని విప్పలేదు. “గిది చిన్న బిందెకు సరిపోతది,” అని పక్కన పెట్టింది. వాడు ఆ సాయంత్రమంతా దాన్ని నెత్తిన పెట్టుకునే తిరిగాడు.

అమ్మ మొదట లోపల గోడకు ఆనుకుని కూర్చునేది. తర్వాత గడప దగ్గరికి వచ్చింది. ఒకరోజు నేను గడ్డి పేనుతుంటే, “గట్ల తిప్పితే ఊడిపోతదే, ఇటు తే,” అని నా చేతిలోంచి లాక్కుంది. నాయన పోయిన తర్వాత అమ్మ గొంతు అంత పెద్దగా వినడం అదే మొదలు. అక్క తలెత్తి చూడలేదు. సూదిలోకి దారం ఎక్కిస్తూ ఉండిపోయింది.

పండుగ నాలుగు రోజుల్లో ఉందనగా అక్క ఖాళీ సంచి దులిపి చూపించింది. “గుడ్డ అయిపోయింది చిన్నమ్మా. ఇంకా సగం ఇండ్లయి మిగిలినయ్. ఏమన్న పాతగుడ్డ ఉంటే ఇయ్యరాదు?”

అమ్మ లేచి లోపలికి వెళ్ళింది. రేకుపెట్టె మూత చప్పుడు వినిపించింది. తిరిగొచ్చినప్పుడు ఆమె చేతుల మీద నాయన లుంగీలు ఉన్నాయి.

అక్క గబుక్కున లేచింది. “అవి వద్దు చిన్నమ్మా,” అంది.

నేను పరుగెత్తి పైనున్న లుంగీని గుండెకు హత్తుకున్నాను. అందులో ఇంకా నాయన వాసన ఉంది. ఇవ్వనని ఏడ్చాను. అమ్మ నన్ను కొట్టలేదు, లాగలేదు. నా ఎదురుగా కూర్చుంది.

“కట్టుకునేటందుకే గదా లుంగీ. పెట్టెల పెడితే ఎవరు కడ్తరు బిడ్డా?” అంది. కాసేపయ్యాక ఆ లుంగీ అంచు ఒకటి నా చేతిలో పెట్టి, “నువ్వు గా కొస పట్టుకో,” అంది.

అంచు దగ్గర పంటితో గాటు పెట్టింది. ఇద్దరం చెరో పక్కకు లాగాం. గుడ్డ చిరిగిన ఆ చప్పుడుకు అరుగు మీది పిల్లలంతా చేతులాపి చూశారు. అమ్మ కళ్ళలోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి, చేతులు మాత్రం ఆగలేదు. ఒకటి అయ్యాక ఇంకొకటి తీసింది. చివరికి పెట్టె అడుగున ఒక్కటే మిగిల్చి, “గిది మీ తమ్మునికి. పెద్దగైనంక కడ్తడు,” అంది. ఆ రోజు నుంచి కుట్టుపని అమ్మదే అయింది.

క్రిస్మస్ ఉదయం ఆరాధన అయ్యాక పిల్లలం గంపలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాం. అందరికీ ఇచ్చాం, మా దేవుణ్ణి మొక్కనివాళ్ళకు కూడా. ఇన్నాళ్ళూ మాకు అన్నం తెచ్చిన గుమ్మాల్లో నేను నిలబడి, “మా అమ్మ ఇచ్చింది,” అని చెబుతుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. కొందరు ఆ నీలిగళ్ళు గుర్తుపట్టారు. రెండు చేతులతో తీసుకున్నారు.

మర్నాడు నల్లా వచ్చే వేళకు అమ్మ బిందె చంకన పెట్టుకుని అరుగు దిగింది. నేను వెనకాల వెళ్ళాను. ఆమెను చూసి బారులోని ఆడవాళ్ళు పక్కకు జరిగి దారి ఇచ్చారు.

“నా వంతు వచ్చినంకనే పట్టుకుంట,” అని అమ్మ వెళ్ళి చివర నిలబడింది.

నీళ్ళు ఎత్తుకుని ఒక్కొక్కరే మా ముందు నుంచి వెళుతున్నారు. చాలామంది బిందెల కింద మా నాయన లుంగీ గళ్ళే. అమ్మ అలా చూస్తూ నిలబడింది. ఎదురింటామె మా దగ్గరకొచ్చి ఆగి, “మెత్తగుందక్కా. నెత్తి నొస్తలేదు,” అంది. అమ్మ చెయ్యి చాచి, ఆమె నెత్తి మీద కాస్త పక్కకు జారిన చుట్టబట్టను సరిచేసింది. “గిప్పుడు పో, పడదు,” అంది.

అప్పటి నుంచి మా నీళ్ళు మేమే తెచ్చుకున్నాం. కొన్నాళ్ళకు అమ్మకు దవాఖానాలో ఆయా పని దొరికింది. ఆమె దుఃఖం తీరిందని నేను అనను. ఆమె మళ్ళీ మనుషుల్లోకి వచ్చింది, అంతే.

చాలా ఏళ్ళ తర్వాత, అమ్మ కూడా పోయాక, అశ్వారావుపేటలో స్థిరపడిన ఆ అక్కను చూడటానికి వెళ్ళాను. మాటల్లో ఆ క్రిస్మస్ సంగతి వచ్చింది. ఆ రోజు గుడ్డ అయిపోకపోతే అమ్మ ఆ పెట్టె తెరిచేదే కాదేమో అన్నాను.

“గుడ్డ ఎందుకుండదే? మా మంచం కింద సంచి నిండ ఉండె,” అంది అక్క. “అందరం మీకు పెట్టుడే గాని, మీ అమ్మను ఒక్కటి అడిగినోళ్ళు లేరు. అడగాలె అనుకున్న. పాత చీర ఏదన్న తెస్తదేమో అనుకున్న. లుంగీలు తెస్తదనుకోలె. అంత దొడ్డమనసు మీ అమ్మది. నాదేం లేదు.”

ఇప్పుడు నేను ఖమ్మంలో ఉంటున్నాను. మొన్న ఎండాకాలంలో మా పక్క వాటాలో ఒకావిడ భర్త పోయాడు. అందరూ టిఫిన్లు, పండ్లు పట్టుకెళ్ళారు. అవీ కావలసినవే. నేను కొన్నాళ్ళు ఆగి, వట్టి చేతులతో వెళ్ళాను. ఈసారి ఆవకాయలో ఉప్పు నాకు కుదరలేదమ్మా, ఏం చేయాలో చెప్పవా అని అడిగాను. ఆమె లేచి చెప్పులు వేసుకుంది.

“జాడీ ఏది, చూపియ్,” అంటూ నాకంటే ముందు నడిచింది.