బాణం మీద పిట్ట

తప్పు చేయదలుచుకున్నవాడు కాగితం మీద చేయాలి. చెరుపుకోవచ్చు, చింపుకోవచ్చు, మరీ పరువు పోయేలా ఉంటే నమిలి మింగేయనూ వచ్చు. నేను స్టెయిన్‌లెస్ స్టీలు మీద చేశాను. అర మిల్లీమీటరు లోతున, ఒక చోట కాదు, పన్నెండు చోట్ల. ఎలా జరిగిందో చెబుతాను. మీరు నవ్వినా నేనేమీ అనుకోను. మా ఫ్యాక్టరీ మొత్తం నవ్వి నవ్వి అలసిపోయాక ఇక మీ నవ్వు నన్నేం చేస్తుంది?

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. పాలిటెక్నిక్ డిప్లొమా పట్టుకుని జనగామ నుంచి వచ్చి, ఉప్పల్‌లో ఒక గదిలో దిగి, నాచారంలో నీటి పంపులకు విడిభాగాలు చేసే చిన్న ఫ్యాక్టరీలో చేరాను. కంప్యూటర్లో డ్రాయింగులు గీయడం నా పని. ఆరు నెలలు ట్రైనీగా చూస్తారు. నచ్చితే పర్మనెంట్ లెటరు చేతిలో పెడతారు, నచ్చకపోతే జనగామ బస్సెక్కిస్తారు. అయిదు నెలలు బుద్ధిగానే గడిచాయి. ఆరో నెలలో నాకు బొమ్మలు కనబడ్డాయి.

కనబడటమంటే ఫోన్లోనే లెండి. ఒక పొద్దున షేర్ ఆటోలో ఇద్దరి మధ్య ఇరుక్కుని వేలితో తెరను పైకి తోస్తుంటే, ఎవరో ఒకామె గీసిన తొమ్మిది సెకన్ల యానిమేషన్ వచ్చింది. ఆమెది ఏ దేశమో కూడా తెలియదు. ఒక అమ్మాయి డాబా మీద తెల్ల దుప్పటి దులుపుతుంది. దుప్పటి గాల్లోంచి దిగుతూ దిగుతూ చెరువైపోతుంది. చెరువులో ఒక కొంగ వాలుతుంది. అమ్మాయి చెరువును రెండు అంచులూ పట్టుకుని మెల్లగా మడతపెడుతుంది. కొంగ లోపలే ఉండిపోతుంది. మళ్లీ దులుపుతుంది, మళ్లీ చెరువు. మాట లేదు, పాట లేదు.

"భయ్యా, దిగుతవా లేదా? ఇదే లాస్ట్," అన్నాడు ఆటో అతను.

"ఒక్క నిమిషం ఆగన్నా, చెరువు మడతపెడుతున్నది," అన్నాను.

తలెత్తి చూస్తే నాచారం ఎప్పుడో దాటిపోయింది. లాలాపేట్ ఫ్లైఓవర్ పక్కన ఉన్నాను. అతను నా మొహం చూసి, చార్జీ తీసుకుని ఆటో తిప్పేశాడు.

అప్పటిదాకా బొమ్మ అంటే నాకు తెలిసినవి రెండే. గోడ క్యాలెండర్‌లో లక్ష్మీదేవి, సైన్సు రికార్డులో కప్ప. ఆ ఫోన్లో ఇంత లోకం దాక్కుని ఉందని ఎవరూ చెప్పలేదు. పాత బస్సు టికెట్ల మీద ఊళ్లు గీసేవాడొకడు. పడ్డ చినుకులను ఒక్కొక్కటే ఏరి మబ్బుకు తిరిగి ఇచ్చేసే ముసలమ్మను గీసిన పిల్ల ఒకతె. వాళ్ల పేర్లు కూడా పలకడం రాదు నాకు, కానీ పొద్దున లేవగానే ముందు వాళ్లే గుర్తొచ్చేవాళ్లు. వారం తిరిగేసరికి ఉప్పల్ కూడా మారిపోయింది. మెట్రో రైలు స్టేషన్‌లోకి వస్తుంటే ఆకాశం మీద ఎవరో స్కేలు పెట్టి తీరుబడిగా గీత గీస్తున్నట్టు ఉండేది. నాచారం పొగగొట్టాల మీది పొగ ఎటు తిరుగుతుందా అని రోడ్డు మధ్యలో నిలబడిపోయేవాణ్ని. లారీ వాళ్లు నా వంశాన్ని తలుచుకుని పక్కనుంచి పోయేవాళ్లు.

ఇక్కడ యాదగిరన్న గురించి చెప్పాలి. మా డ్రాయింగుల ప్రకారం లోహాన్ని చెక్కే కంప్యూటర్ మిషన్ ఆయన చేతిలో ఉండేది. యాభై దాటినవాడు. ముప్పై ఏళ్లలో ఆయన చేసిన ఒక్క పీసు కూడా వెనక్కి రాలేదని ఫ్యాక్టరీ అంతా చెప్పుకునేది. నన్ను తమ్మీ అని పిలిచి, మధ్యాహ్నం తన డబ్బాలోని టమాటా పప్పు సగం నా అన్నం మీద వంచేవాడు.

ఒకరోజు ఆయన డ్రాయింగు పట్టుకుని నా టేబుల్ దగ్గరికి వచ్చాడు. "తమ్మీ, గీ రంధ్రం జర పక్కకు జరిగినట్టు కొడుతున్నది. ఒక్కపారి సూడు."

నేనేమో చినుకుల ముసలమ్మ దగ్గర ఉన్నాను. తలెత్తకుండానే, ఎక్కడ నేర్చుకున్నానో తెలియని ఆఫీసు తెలుగులో ఇలా సెలవిచ్చాను: "యాదగిరన్నా, డ్రాయింగు చేతికొచ్చాక డౌట్లు పడకూడదు. అందులో ఏముంటే అది చేయాలి. ఆలోచించడానికి మేమున్నాం కదా."

ఆయన డ్రాయింగు మడిచి పట్టుకున్నాడు. "మంచిది సార్," అని వెళ్లిపోయాడు. రంధ్రం నిజంగానే జరిగిందట, మేనేజర్‌కు చెప్పి సరిచేయించుకున్నాడట. ఆ రోజు నుంచి నేను తమ్మీని కాదు, సార్‌ని. పప్పు కూడా ఆగిపోయింది. మబ్బుల్లో తిరిగేవాడికి పప్పు సంగతి ఎక్కడ తెలుస్తుంది? ఉత్తన్నమే తిన్నాను, తెలియలేదు.

అప్పుడొచ్చింది ఆ ఆర్డరు. పంపుల మీద బిగించే గుండ్రటి మూత ప్లేట్లు, పన్నెండు. ప్రతి ప్లేటు మీదా నీళ్లు ఎటు పోతాయో చూపించే బాణం, కింద ఒకటి నుంచి పన్నెండు దాకా నంబరు. పన్నెండింటినీ కంప్యూటర్లో ఒకే వరుసలో గీశాను. గీసి వెనక్కి వాలి చూస్తే నా కంటికి ప్లేట్లు కనబడలేదు, ఫ్రేములు కనబడ్డాయి. దుప్పటి బొమ్మ గీసినామె ఒక వీడియోలో చెప్పింది: బొమ్మకు ప్రాణం రావాలంటే పన్నెండు బొమ్మలు చాలు, పన్నెండోది మొదటిదాన్ని అందుకోవాలి, అంతే. దేవుడు సరిగ్గా పన్నెండు ప్లేట్లు వరుసగా నా ముందు పెట్టాడు. మీరైతే ఏం చేసేవారు?

మూడు రోజులు తిండి మాని పిట్టను గీశాను. బొటనవేలి గోరంత పిచ్చుక. ఒకటో ప్లేటులో బాణం మీద కూర్చుని ఉంటుంది. నాలుగులో రెక్క విప్పుతుంది. ఏడులో పూర్తిగా గాల్లో ఉంటుంది. పన్నెండులో మళ్లీ వచ్చి కాళ్లు ముడుచుకోబోతుంది. ఒక్కో ప్లేటునూ తెర మీద గబగబా మార్చి చూస్తే అది ఎగిరింది. నేను గీసిన పిట్ట ఎగిరింది. అంత సంతోషం నాకు డిప్లొమా చేతికొచ్చినప్పుడు కూడా కలగలేదు.

ఇక అసలు ఘనకార్యం. మా ఆఫీసులో ఫైళ్ల పేర్లకు ఒక ఆచారం ఉంది. "ఫైనల్" అని ఉంటే ఇంకా మార్పులున్నాయని అర్థం. "ఫైనల్ ఫైనల్" అని ఉంటే మిషన్ ఎక్కించమని అర్థం. పిట్టలేని ఫైలుకు నేను "ఫైనల్" అని పేరు పెట్టాను. పిట్టను చూసుకున్న మురిపెంలో దానికి "ఫైనల్ ఫైనల్" అని పెట్టి, అందరూ చూసే ఫోల్డర్‌లోనే వదిలేసి, మేనమామ కొడుకు పెళ్లికి జనగామ వెళ్లిపోయాను.

సోమవారం పొద్దున వచ్చేసరికి షెడ్డులో పొడుగు బల్ల మీద పన్నెండు ప్లేట్లు వరుసగా నిలబెట్టి ఉన్నాయి. మెరుస్తున్నాయి. పదకొండింటికి కొనేవాళ్ల తరఫున ఇన్‌స్పెక్టర్ వస్తుంది. నేను దగ్గరికి వెళ్లి చూశాను. ప్లేట్లు చెక్కాక రబ్బరు వెతుక్కున్నట్టయింది నా పని.

"అన్నా, ఏందిది?" అన్నాను.

"పిట్ట సార్," అన్నాడు యాదగిరన్న.

"పంపు మీద పిట్ట ఎందుకుంటదే?"

"డ్రాయింగుల ఉన్నది సార్. కంపెనీ కొత్త మార్కేమో అనుకున్న. రెక్క మస్తు సన్నగున్నది. చిన్న టూల్ పెట్టి రెండు దినాలు కష్టపడి దించిన."

"ఒక్క ఫోన్ జేసి అడగొద్దా?"

ఆయన బట్టతో ప్లేటు తుడుస్తూ, "అడుగుదమనే అనుకున్న," అన్నాడు. "డౌట్లు పడొద్దన్నరు గదా. ఆలోచించనీకి మీరున్నరు గదా. మళ్ల ఏమంటరో అని ఊకున్న."

నేనన్న మాట, అక్షరం పొల్లు పోకుండా, రెండు వారాలు ఆయన గుండెలో ఉండి ఇప్పుడు నా చేతికి తిరిగొచ్చింది.

"గీకేస్తే పోదా అన్నా?"

"అర మిల్లీమీటరు దిగింది. గీకితే ప్లేటు మందం తగ్గుతది. పిట్టా పోతది, ప్లేటూ పోతది." అని, పీసు ఎవరు చేశారో రాసే కార్డు మీద తన సంతకం కేసి చూశాడు. "ముప్పై ఏండ్ల సంది నా చేతిల ఒక్క పీసు తిరిగి రాలె."

ఈ మాట నాతో అనలేదు, తనలో తనే అనుకున్నాడు. అప్పుడు మొదటిసారి మబ్బుల్లోంచి కింద పడ్డాను.

సరిగ్గా పదకొండింటికి మేనేజర్ మూర్తిగారు ఇన్‌స్పెక్టర్ మేడమ్‌ను వెంటబెట్టుకుని వచ్చారు. మూర్తిగారిది గుంటూరు వైపు. ప్రభుత్వ కంపెనీలో రిటైరై ఇక్కడ చేరారు. ఆయన మొదటి ప్లేటు చూసి, కళ్లజోడు తీసి, మళ్లీ పెట్టుకున్నారు.

"యాదగిరీ, ఏమిటయ్యా ఇది? ఈ వయసులో నీకు ఇదేం సరదా?"

యాదగిరన్న బట్టతో ప్లేటు తుడుస్తూనే ఉన్నాడు. నా పేరు చెప్పేస్తే సరిపోయేది. చెప్పలేదు. నా పర్మనెంట్ లెటరు మూర్తిగారి టేబుల్ సొరుగులో ఉందని నాకు తెలుసు. నాలుగు రోజుల్లో సంతకం కావాలి.

"సార్, ఆ పిట్ట నాది," అన్నాను.

"నీదా?"

"పన్నెండూ నావే సార్. అన్నకేం తెలియదు."

"పన్నెండా? అన్నిటి మీదా ఉందా?" అన్నారు మూర్తిగారు. అప్పటిదాకా ఆయన ఒక్కటే చూశారు.

ఇక్కడైనా నోరు మూసుకోవాలి కదా. "ఒక్కోటి ఒక్కోలా ఉంటుంది సార్. ఒకటో నంబరు నుంచి చూసుకుంటూ నడిస్తే ఎగురుతుంది," అన్నాను.

ఇన్‌స్పెక్టర్ మేడమ్ చేతిలోని కొలత పరికరాన్ని బల్ల మీద పెట్టి, ఒకటో ప్లేటు దగ్గరికి వెళ్లి, మెల్లగా నడవడం మొదలుపెట్టింది. చివరిదాకా వెళ్లింది. తిరిగొచ్చి మళ్లీ నడిచింది, ఈసారి కొంచెం వేగంగా. పైరేకుల సందులోంచి పడే ఎండ ఒక్కో ప్లేటు మీద తళుక్కుమంటుంటే, ఆ వెలుగులో నా పిచ్చుక బాణం మీంచి లేచింది, రెక్కలు చాపింది, గాల్లో ఒక్క క్షణం ఆగింది, మళ్లీ వచ్చి వాలింది. మూర్తిగారు కూడా ఆమె వెనకాలే నడిచారు. ఉద్యోగం పోయినా సరే, ఇది చూశాను చాలు అనిపించింది నాకు.

మూడోసారి నడిచి వచ్చాక మేడమ్ కాగితం తీసుకుని, "రిజెక్ట్," అంది.

"పిట్ట వల్లే కదమ్మా, నాకు తెలుసు," అన్నారు మూర్తిగారు నీరసంగా.

"పిట్ట ఉన్నందుకు కాదండీ. పిట్ట బాగుంది. బాణం కుడికి పోతోంది, పిట్ట ఎడమకు ఎగురుతోంది. రేపు అక్కడ బిగించేవాడు నీళ్లు ఎటని దేన్ని నమ్మాలి?"

నేను ప్లేట్ల కేసి చూశాను. నిజమే. చిన్నప్పటి నుంచీ నా పిట్టలన్నీ ఎడమకే చూస్తాయి, నా చేతి వాటం అది. మూడు రోజులు ఈకలు లెక్కపెట్టినవాడిని, బాణం ఎటుందో చూసుకోలేదు. పిట్ట కొంచెం, కూత సంగతేమో గానీ మోత ఘనం.

వెనక నుంచి యాదగిరన్న నవ్వు వినబడింది. ముప్పై ఏళ్ల పేరు పోయిన మనిషి, బల్ల పట్టుకుని వంగి వంగి నవ్వుతున్నాడు. "నేను డౌటు పడాల్సింది గిది ఉండె తమ్మీ," అన్నాడు.

ఆ తమ్మీ అన్న పిలుపుకు నా కళ్లలో నీళ్లు తిరిగాయి. అందరూ లెటరు కోసమనుకున్నారు.

పన్నెండు ప్లేట్లూ మళ్లీ చేయడానికి మూడు ఆదివారాలు పట్టింది. మూడింటికీ నేను యాదగిరన్న పక్కనే నిలబడి ప్రతి గీతకూ, "డౌటేమన్నా ఉన్నదా అన్నా?" అని అడిగాను. మూడో ఆదివారానికి ఆయనే విసుగెత్తి, "ముందు పప్పు తిను తమ్మీ," అన్నాడు. లెటరు మూడు నెలలు ఆలస్యంగా వచ్చింది. అందరి లెటర్లలో లేని వాక్యం ఒకటి నా దాంట్లో చివర ఉంది: "డ్రాయింగులలో పశుపక్ష్యాదులను చేర్చరాదు." పాత ప్లేట్లను యాదగిరన్న తుక్కులో వేయనివ్వలేదు. చేతులు కడుక్కునే చోటికి వెళ్లే దారిలో, గోడకు, నంబర్ల ప్రకారం బిగించాడు. భోజనానికి పోయేవాళ్లంతా ఆ గోడ పక్కనుంచే పోతారు. ఎవరూ లేనప్పుడు మూర్తిగారు రెండుసార్లు చేతులు కడుక్కోవడం నేను చూశాను.

ఆ గోడ సాక్షిగా, టమాటా పప్పు సాక్షిగా, ప్లేట్లు గోడకెక్కిన రోజే నేనొక ఘోర ప్రతిజ్ఞ చేశాను. ఈ ఒంట్లో ఊపిరి ఉన్నంత వరకు, ఎవరెంత బతిమాలినా, ఎలాంటి ప్రలోభం ఎదురైనా సరే, ఇక జీవితంలో బాణం ఎటు పోతే పిట్టను అటే ఎగరేస్తాను.