మారిశెట్టోళ్ల టోబీ

పబ్బతి వెంకటరామయ్యకు ఎదుటి మనిషి ఇంటిపేరు, ఊరు, తాత పేరు తెలిసేదాకా నోట్లో పెట్టుకున్న ముద్ద దిగదు. హిందూపురం బజారు మొత్తానికీ ఈ సంగతి తెలుసు. కొత్తవాళ్లకు మాత్రం ఆయన పాత్రల అంగడి ముందు నిలబడ్డాకే తెలిసొస్తుంది. కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినవాడు మీటరు దగ్గరికి చేరేలోపు మూడు తరాలు అప్పజెప్పాలి. జనాభా లెక్కలకు వచ్చిన టీచరు ఆయన్ను పది ప్రశ్నలడిగి, ముప్పై ప్రశ్నలకు జవాబు చెప్పి వెళ్లాడు. ఒక్క గ్లాసు కొందామని వచ్చి అమరాపురం బస్సు పోగొట్టుకున్నవాళ్లకైతే లెక్కే లేదు.

ఈ జబ్బు పాత్రల వల్లే వచ్చిందని భార్య అన్నపూర్ణమ్మ అంటుంది. పెళ్లికి కొన్న బిందె మీదా పళ్లెం మీదా పేరు చెక్కించుకోవడం అందరికీ అలవాటు కదా. యాభై ఏళ్లుగా ఇంటిపేరూ ఊరూ చెక్కి చెక్కి, చివరికి మనిషిని చూసినా బిందెను చూసినట్టే చూస్తాడట. పేరు లేకపోతే ఆయనకు చెయ్యి ఊరుకోదు.

"ఏమప్పా, మీదేవూరు?"

"పరిగి."

"పరిగిలో ఎవురు?"

"చౌడక్క కొడుకును."

"ఏ చౌడక్క? పాలు పోసే చౌడక్కనా, కాలు ఇరిగిన చౌడక్కనా?"

"పాలు పోస్తాండగానే కాలు ఇరిగింది."

అలాంటప్పుడు వెంకటరామయ్య మొహం చూడాలి. రెండు చౌడక్కలు ఒకటే అని తేలినందుకు ఆ రోజు గ్లాసు ధర ఐదు రూపాయలు తగ్గించాడు.

పక్క అంగడి వేణుగోపాల్‌ది, పట్టుచీరల వ్యాపారం. ఆయన కూతురు వాసవి. చిన్నప్పటి నుంచీ, పిల్లల్లేని వెంకటరామయ్యను తాతా అని పిలుస్తూ, ఆయన ఒళ్లో కూర్చుని ఊరివాళ్ల ఇంటిపేర్లన్నీ ఎక్కాలలాగా వల్లించిన పిల్ల. ఆ పిల్లకు ఇప్పుడు ఆ తాతను చూస్తే భయం పట్టుకుంది.

ఎందుకంటే ధర్మవరంలో మనోజ్ ఉన్నాడు. కంప్యూటరు మీద చీరల అంచులకు, కొంగులకు డిజైన్లు గీస్తాడు. వేణుగోపాల్ అంగడికి డిజైన్లన్నీ అతనివే. వాటికోసం తిరిగి తిరిగి వాసవి అతన్నే చేసుకుంటానంది. మనిషి నిదానస్తుడు, పనిమంతుడు, ఒక్క చెడ్డ అలవాటూ లేదు. లేనిది ఇంకొకటి కూడా ఉంది. మూడేళ్ల వయసులో ధర్మవరం స్టేషన్లో ఎవరికో దొరికాడు. అమ్మ పేరడిగితే అమ్మ అన్నాడు, నాయన పేరడిగితే నాయన అన్నాడు. మనోజ్ అన్న పేరు అనాథాశ్రమంలో పెట్టింది.

వేణుగోపాల్ మెత్తని మనిషి. నాలుగు నెలలు ఆలోచించి సరేనన్నాడు. పరిగిలో ఉన్న ఆయన అక్క ఉమాదేవి మాత్రం అనలేదు. "ఎవురి బిడ్డో తెలీనోనికి పిల్లనిస్తే రేపు బజార్లో తలెత్తుకొని తిరుగుతావా?" అని వారానికోసారి ఫోన్ చేసేది. ఇలాంటి సమయంలో వెంకటరామయ్య అందరి ముందూ "మీ ఇంటిపేరేమప్పా?" అన్నాడంటే, అత్త మాట గెలుస్తుంది, నాయన ధైర్యం చెదురుతుంది, పెళ్లి ఆగుతుంది. వాసవి భయం అది.

ఈలోగా ఒక ఆదివారం మనోజ్ కొనిచ్చిన టీషర్టు వేసుకుని అంగడికి వచ్చింది. గుండెల మీద ఇంగ్లీషులో ఓ పేరు, జడ వేసేంత జుట్టున్న ఓ మగమనిషి బొమ్మ. వెంకటరామయ్య కళ్లద్దాలు సర్దుకుని అక్షరం అక్షరం కూడబలుక్కున్నాడు.

"మార్... చెట్టి. ఎవురమ్మా ఈయన?"

"టోబీ మార్చెట్టి, తాతా. పాటలు పాడ్తాడు. ప్రపంచమంతా పేరుండాది."

"మారిశెట్టోళ్లా? పెనుకొండ మారిశెట్టోళ్లా, కళ్యాణదుర్గం మారిశెట్టోళ్లా?"

"లండన్లో ఉంటాడు తాతా."

"ఉండేది యాడైనా కానీ తల్లీ. మొదలు యాడ?"

"ఆయన తెల్లాయన. రాక్ సంగీతం. గిటారు పట్టుకొని అరుస్తాడు."

"అరవనీ. శెట్టి బిడ్డ సంగీతం నేర్చుకోకూడదా? చెవులకు పోగులుండాయి చూడు. మనోళ్లే."

మర్నాడు పొద్దున్నే టిఫిను డబ్బా కట్టించుకుని పెనుకొండ రైలెక్కాడు. అక్కడ మారిశెట్టి వాళ్లింట్లో ఓ ముసలాయన్ను పట్టుకుని మధ్యాహ్నందాకా వదల్లేదు. మీవాళ్లెవరైనా దేశం దాటి పోయారా అని అడిగితే, ఆయన చాలాసేపు ఆలోచించి, "మా చిన్నాయన ఒకాయన బళ్లారికి పోయినాడు. మళ్లా రాలేదు" అన్నాడు. పాడేవాడా అని అడిగితే "తాగితే పాడ్తాండె" అన్నాడు. వెంకటరామయ్య ఈ రెండు ముక్కలూ రాసుకుని, సగం పని అయిపోయినంత సంతోషంగా ఇల్లు చేరాడు.

"బళ్లారి దాకా దొరికిందమ్మా. ఆడినుంచి లండన్‌కు ఎట్ల పోయినాడో తెలిస్తే చాలు."

ఇక లాభం లేదని వాసవి ఫోన్ తీసి, ఆ పాటగాడి వివరాలు వెతికి చదివి వినిపించింది. నాయన వైపు ఇటలీ. అమ్మ వైపు సగం ఐర్లండు, సగం పోలండు. అమ్మమ్మ తల్లి నార్వే. వింటే వెంకటరామయ్య దిగులుపడతాడనుకుంది. ఆయన పాత క్యాలెండరు వెనక్కి తిప్పి గీతలు గీయడం మొదలుపెట్టాడు.

"ఐర్లండంటే యాడొస్తాది?"

"ఇంగ్లండు పక్కనే."

"మనకు పరిగి లెక్క. పోలండు?"

"అది కొన్నాళ్లు వీళ్ల కింద, కొన్నాళ్లు వాళ్ల కింద ఉండె. సరిహద్దులు మారతాండె."

"అయితే అమరాపురం. సగం తెలుగు, సగం కన్నడ. నార్వేలో ఏం చేస్తాండ్రి?"

"చేపలు పడ్తాండ్రంట."

వెంకటరామయ్య పెన్సిలు ఆపాడు. "శెట్టి ఇంట్లోకి చేపలెట్లొచ్చె?" అని కాసేపు బాధపడి, "బుక్కపట్నం చెరువు పక్క పిల్ల అనుకుందాం. ఏం చేస్తాం, అయిపోయిన పెళ్లి" అని సర్దుకున్నాడు.

ఆరు నెలలు ఇదే పని. అంగడికి ఎవరొచ్చినా ముందు వాళ్ల మూడు తరాలు, తర్వాత మార్చెట్టి మూడు తరాలు. అమ్మ వైపంతా దొరికింది. నాయన వైపు మాత్రం ముత్తాత దగ్గర గీత ఆగిపోయింది. ఆ ముత్తాత తండ్రెవరో ఎక్కడా లేదు. వెంకటరామయ్య తెలుగులో చెబుతుంటే వాసవి ఇంగ్లీషులో టైపు చేసి, ఇటలీలో పాత చర్చి పుస్తకాలు చూసిపెట్టే ఒకాయనకు ఉత్తరం పంపింది. "అయ్యా, మీరు క్షేమమని తలుస్తాము" అన్న మొదటి వాక్యం తీసేయడానికి వెంకటరామయ్య ఒప్పుకోలేదు. మధ్యమధ్యలో ఆయన ధర్మవరం కూడా వెళ్లి వస్తుండేవాడు. మారిశెట్టోళ్లు ఆడ కూడా ఉండారంట అనేవాడు.

ఈ ఆరు నెలల్లో మనోజ్ డిజైన్లు తీసుకుని మూడుసార్లు హిందూపురం వచ్చాడు. మూడుసార్లూ పాత్రల అంగడి దాటే రావాలి. మూడుసార్లూ వాసవి ఊపిరి బిగబట్టింది. వెంకటరామయ్య "రాప్పా, కూర్చో. ధర్మవరంలో ఎండలెట్లుండాయి?" అన్నాడు. కాఫీ తెప్పించాడు. అంతే. ఊరేదని అడగలేదు, పేరేదని అడగలేదు.

మొదటిసారి వాసవికి ప్రాణం లేచొచ్చింది. మూడోసారికి ఒళ్లు మండింది. మీటరువాణ్ణి అడుగుతాడు, చీపుర్లమ్మే మారక్కను అడుగుతాడు, లండన్లో ఉన్నవాడి కోసం పెనుకొండ పోతాడు. మనోజ్‌ను మాత్రం అడగడు. తెలిసే అడగడం లేదు, మనిషి కింద లెక్కేయలేదు కాబట్టే అడగడం లేదు అనుకుంది. తిట్టినా అంత బాధపడేది కాదు.

లగ్నపత్రిక నాలుగు రోజులుందనగా ఇటలీ నుంచి జవాబు వచ్చింది. వాసవి చదివి చెప్పింది. ఆ ముత్తాత ఓ రేవులో ఓడ దిగిన జనంలో దొరికిన పసివాడు. ఎవరివాడో తెలియదు. రాగిపాత్రలు చేసే మార్చెట్టి అనే ఆయన ఇంటికి తీసుకుపోయి పెంచి తన పేరిచ్చాడు. రాగిపాత్రలు అని వినగానే ఎగిరి గంతేయవలసిన మనిషి, క్యాలెండరు కాగితం మడిచి జేబులో పెట్టుకుని, పట్టపగలే అంగడి మూసి ఇంటికి వెళ్లిపోయాడు. దొరికినవాడంటే ఈయనకు ఇంత కానిమాటా అని వాసవి ఆ రోజు అన్నం తినలేదు.

లగ్నపత్రిక రోజు వేణుగోపాల్ ఇంటి హాల్లో రెండు చాపలు పరిచారు. ఒకదాని మీద పెళ్లికూతురు వైపువాళ్లు పదిహేనుమంది. ఎదుటి చాప మీద మనోజ్, ఆశ్రమంలో అతనితో పెరిగిన మహేష్. ఇద్దరే. అన్నపూర్ణమ్మ పెళ్లికూతురు వైపు కూర్చుని తాంబూలం పళ్లాలు సర్దుతోంది. వెంకటరామయ్య గుమ్మం దగ్గర కుర్చీలో ఉన్నాడు.

పురోహితుడు కలం తీసి పెళ్లికూతురి ముత్తాత, తాత, తండ్రి పేర్లు రాసుకున్నాడు. తర్వాత అటు తిరిగి, "పెండ్లికొడుకు ముత్తాత పేరు?" అన్నాడు.

మనోజ్ తల వంచుకున్నాడు.

"చెప్పమనప్పా వేణూ," అంది ఉమాదేవి. "పెండ్లిలో ప్రవర చెప్పేటప్పుడు కూడా ఇట్లనే కూచుంటామా? మూడు పేర్లు లేనోనికి..."

వెంకటరామయ్య కుర్చీలోంచి లేచాడు. జేబులోంచి క్యాలెండరు కాగితం తీశాడు. వాసవి కళ్లు మూసుకుంది.

"ఉమాదేవీ, ఈయన మార్చెట్టి. అమ్మ వైపు పరిగి, అమరాపురం, బుక్కపట్నం. నాయన వైపు..."

"ఎవురు మామా ఈయన? మనకేం కావాల?"

"పాటగాడు. ఈయన పాడ్తాంటే లక్షమంది దుడ్లిచ్చి నిలబడి వింటారంట. వాళ్లల్లో ఒక్కడన్నా నీ ముత్తాత ఎవురప్పా అని అడిగినాడా?"

"నువ్వడిగితివి కదా, ఆర్నెల్లు," అన్నారెవరో పెళ్లికూతురు వైపు చాప మీది నుంచి.

పదిహేనుమందీ నవ్వారు. వెంకటరామయ్య కూడా కాదనలేకపోయాడు.

"అడిగినా. అడిగితేనే కదా తెలిసె. ఈయన ముత్తాత కూడా దొరికినోడే. పాత్రలు చేసే ఒకాయన పేరిచ్చినాడు. ఆ పేరే ఈ పొద్దు మా వాసవి చొక్కా మీదికొచ్చె." కాగితం మడిచి పురోహితుడి వైపు తిరిగాడు. "రాసుకోండి స్వామీ. పబ్బతి వీరయ్య మునిమనవడు, పబ్బతి సుబ్బరామయ్య మనవడు, పబ్బతి వెంకటరామయ్య కొడుకు. మా గోత్రం వేరు, వేణు వాళ్ల గోత్రం వేరు. నేను ముందే చూసుకొన్నా. దత్తత కాగితాలకు లాయరుతో మాట్లాడినా."

పురోహితుడు కలం ఎత్తి పట్టుకుని అలాగే ఉండిపోయాడు. వెంకటరామయ్య మనోజ్ దగ్గరికి వెళ్లి చాప మీద కూర్చున్నాడు.

"నీకిష్టమైతేనే అప్పా. ధర్మవరం స్టేషన్లో ముసలి కూలీలను, టీ అమ్మేటోళ్లను, అందర్నీ అడిగినా. నీ వాళ్లు దొరకలేదు. మారిశెట్టోళ్ల కోసం పోతాండానని చెప్పింది అబద్ధం. దొరికితే వాళ్ల పేరే రాపిద్దామనుకొంటి."

"నన్ను ఒక్కసారి కూడా అడగలేదు," అన్నాడు మనోజ్.

"జవాబు లేదని తెలిసి అడిగితే అది పలకరింపు కాదప్పా, పొడిచినట్లు."

వాసవికి ఏడుపూ సిగ్గూ ఒకేసారి వచ్చాయి. ఆరు నెలలుగా మనసులో ఆయన్ను తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చాయి. మనోజ్ రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. ఏదో పెద్ద మాట అంటాడని అందరూ చూస్తున్నారు.

"పబ్బతికి ఇంగ్లీషులో 'బి' ఒకటా, రెండా? ఆధార్లో మార్చాల," అన్నాడు.

"రెండు," అన్నాడు వెంకటరామయ్య. "మా నాయన ఒకటే రాస్తాండె. నువ్వు రెండు రాసుకో."

వేణుగోపాల్ కండువాతో మొహం తుడుచుకుని, రాయండి స్వామీ అన్నాడు. కలం కదిలింది. ఉమాదేవి నోరు తెరిచింది కానీ, ముగ్గురి పేర్లూ ఊరూ గోత్రమూ అన్నీ ఉన్న పెళ్లికొడుకును ఏమని అడగాలో వెంటనే తోచలేదు.

అంతదాకా తలొంచుకుని తమలపాకులు లెక్కపెడుతున్న అన్నపూర్ణమ్మ పళ్లెం పక్కన పెట్టింది. చీర కుచ్చిళ్లు సర్దుకుని నెమ్మదిగా లేచి, హాలు దాటి, ఎదుటి చాప మీద కొడుకు పక్కన తీరిగ్గా కూర్చుంది. చేతికందిన కాఫీ ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టింది.

"ఉమాదేవీ, చక్కెర తక్కువైంది. మొగపెండ్లోళ్లకు ఇట్లనా ఇచ్చేది?"

మొగపెండ్లివారు అడిగాక తప్పదు కదా. ఉమాదేవి లేచి చక్కెర డబ్బా తేవడానికి లోపలికి వెళ్లింది.