తాయారమ్మ ఊకొట్టని ఆదివారం

తాయారమ్మ ఊకొడితేనే పుస్తకం ముందుకు కదిలేది. వేళాకోళానికి అనడం లేదు. పంతొమ్మిది వందల ఇరవై అయిదు ప్రాంతంలో, రంగూన్‌లో చిమిండైంగ్ రేవు పక్కనున్న మా కూలీల వరసగదుల లైన్లలో ఆదివారం మధ్యాహ్నాలు పుస్తకం చదివించుకునేవాళ్లం. మాలో అక్షరం ముక్క వచ్చినవాళ్లు తక్కువ. రేవులో బస్తాల లెక్క రాసే లింగరాజు చదివేవాడు, మిగిలినవాళ్లం చుట్టూ చేరి వినేవాళ్లం. మన పక్క కథ చెబుతుంటే ఎదురుగా ఒకరు కూర్చుని ఊకొట్టాలి కదా, ఆ పని తాయారమ్మది. ఆమె "ఊ" అందంటే అందరికీ అర్థమైనట్టు. ఊరుకుందంటే లింగరాజు ఆగి, ఆ ముక్క మళ్లీ చదివి, విడమరిచి చెప్పాల్సిందే.

పుస్తకాలు ఓడ మీద వచ్చేవి. అన్నీ మన తీరం సంగతులే: కళింగపట్నం, భీమిలి రేవులు, పాత తెరచాప ఓడలు, జాతరలు. ఒక పేజీ అయ్యేసరికి ఎవరో ఒకరు అందుకునేవారు. "మా తాత ఓడలకి తాళ్లు పేనేవోడు" అని ఒకడు, "మా ఊర్లో ఓడెక్కీ ముందు గంగమ్మకి కోడిని కోసీవోళ్లం" అని ఇంకొకతె. లింగరాజు పుస్తకం మూసి వినేవాడు. వారమంతా బరువులు మోసి మొద్దుబారిన మాకు ఆ పూటే మా ఊళ్లు గుర్తొచ్చేవి.

తాయారమ్మ సొంతూరు బారువ. రంగూన్ వచ్చిన ఏడాదే మొగుడు కలరాతో పోయాడు. ఆమె వెనక్కి వెళ్లలేదు. రేవు మెట్ల మీద ఉడికించిన బఠాణీలు అమ్ముకుని బతికింది. ఏటి అవతలి దలా ఊరికి సంపాన్ పడవ నడిపే టిన్ ఆంగ్ రోజూ ఆమె దగ్గరే బఠాణీలు తినేవాడు, చివరికి ఆమెనే పెళ్లాడాడు. లైన్లలో చాలామంది బుగ్గలు నొక్కుకున్నారు. "నా మొగుడు పోయిన్నాడు మీలో ఎవులైనా నాకింత కూడెట్టినారా?" అని ఒక్క మాట అడిగింది. నాకు ఆమె అంటే ఇష్టం, దాచుకోను.

ఆమె కూతురు సాన్ సాన్ చుట్టల దుకాణంలో చుట్టలు చుట్టేది. పిల్లకి తెలుగు బాగానే అర్థమయ్యేది కానీ పదిమందిలో పలకడానికి సిగ్గు. ప్రతి ఆదివారం తల్లి పక్కన కూర్చుని, పెదాలు కదుపుతూ వినేది. తల్లి పుట్టిన దేశం ఆ పిల్ల చూసింది లేదు, చూడబోయేదీ లేదు. ఆమెకు దక్కేదల్లా ఆ ఆదివారాల్లో విన్నదే.

ఇంతలో మంగరాజు మేస్త్రి దయ మా మీద పడింది. మేం పనిచేసే బియ్యం మిల్లుకి కూలీలను కుదిర్చేది అతనే, తీసేసేదీ అతనే. మేం కూర్చునే పాకకి రేకుల కప్పు వేయించాడు, బల్ల వేయించాడు, ఆ బల్ల మీద తనే కూర్చున్నాడు. కప్పు వేయించిన మనిషికి దాని కింద కూర్చున్నవాళ్లంతా తన సొత్తే అనిపిస్తుంది కాబోలు. ఒక ఆదివారం సాన్ సాన్ వైపు గడ్డం ఎగరేశాడు.

"తాయారూ, నువ్వు కూకో, తప్పు నేదు. ఆ బర్మా గుంటని మాత్రం అవతలికి పంపు. ఇది మనోళ్ల సరిత్ర. దానికేటి పని?"

"నా కడుపున పుట్టింది బాబూ."

"పుడితే పుట్టింది. మనోళ్లలో జమ కాదు."

తాయారమ్మ లింగరాజు వైపు చూసింది. లింగరాజు పుస్తకంలోకి చూశాడు. రేవులో ఆ ఉద్యోగం మేస్త్రి మాట సాయంతో దొరికిందే మరి. ఆమె లేచి కూతురి చెయ్యి పట్టుకుంది.

"దానికి నేని సోటు నాకూ వొద్దు. సదువుకోండి" అనేసి వెళ్లిపోయింది.

ఆ వారం కుళాయి దగ్గర మరో మాట లేదు. నాతో బాటు మిల్లులో బియ్యం చెరిగే సింహాచలమ్మ కడవ కింద పెట్టి, "ఆడి పాకలో నాను ఊకొట్టనే. కూలి తీసీగల్డా? ఊ అన్నేదని తీసీడానికి ఏటి రూలుంది?" అంది. ఆ మాట సాయంత్రానికి లైన్లన్నీ చుట్టేసింది. నాకైతే పండగలా ఉంది.

ఆదివారం అందరం బుద్ధిగా వెళ్లి పాకలో కూర్చున్నాం. లింగరాజు మొదలుపెట్టాడు. "పూర్వం మన తీరపు వర్తకులు ఓడల మీద సముద్రం దాటి బర్మా రేవులకు వచ్చేవారు." ఆగాడు. ఎవరూ పలకలేదు. మళ్లీ చదివాడు. పలకలేదు. విడమరిచి చెప్పాడు. అందరం అతని మొహమే చూస్తూ కూర్చున్నాం.

మేస్త్రికి ఒళ్లు మండింది. "ఊ!" అని తనే అరిచాడు. "కానీ, సదువు."

"అలా వచ్చినవారిలో చాలామంది..."

"ఊ!"

"...ఇక్కడే స్థిరపడి, ఇక్కడి స్త్రీలను పెళ్లాడి, పిల్లాపాపలతో ఉండిపోయారు."

ఈసారి మేస్త్రి ఊ సగంలోనే తెగింది. వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు.

"ఆ ముక్క ఒగ్గీ. తరవాత పేజీకెళ్లు" అన్నాడు మేస్త్రి.

లింగరాజు కదల్లేదు. అతని చెవులు ఎర్రబడ్డాయి. చివరికి పుస్తకం చంకలో పెట్టుకుని లేచాడు.

"నాను సదవనేను బాబూ. ఊకొట్టే మనిషిని గెంటేసినాం. ఎవులికని సదవను?"

అతను గడప దాటేసరికి సింహాచలమ్మ లేచింది. ఆమె వెనక నేను, నా వెనక పాకంతా.

"రేపు పనికి ఎవుడొస్తాడో సూత్తాను!" అని మేస్త్రి కేక పెట్టాడు.

సింహాచలమ్మ వెనక్కి తిరిగింది. "అందరం వత్తాం బాబూ. అందర్నీ తీసీ, బస్తాలు నువ్వే మొయ్యి."

తాయారమ్మ రేవు మెట్ల మీద బఠాణీల గంపతో కూర్చుని ఉంది. పక్కన సాన్ సాన్. లింగరాజు వాళ్లకి కింది మెట్టు మీద కూర్చున్నాడు. మేం ఎండలోనే చుట్టూ చేరాం.

"తాయారప్పా, నాదే తప్పు. కోపం ఉంచుకోకు, ఊకొట్టు" అని పుస్తకం తెరిచి ఆ వాక్యమే మళ్లీ చదివాడు. "ఇక్కడే స్థిరపడి, ఇక్కడి స్త్రీలను పెళ్లాడి, పిల్లాపాపలతో ఉండిపోయారు."

అందరం తాయారమ్మ నోటికేసి చూశాం. ఆమె తీరిగ్గా ఆకులో బఠాణీలు వేసి ఉప్పు చల్లుతోంది.

"నన్నడక్కు. ఆయేల నన్ను కూకోమనే అన్నారు. ఎవుల్ని లెగమన్నారో ఆళ్లనడుగు."

లింగరాజు సాన్ సాన్ వైపు తిరిగాడు. ఆ పిల్ల వేళ్లకంటిన పొగాకు పొడి దులుపుకుంది. తల్లి వైపు చూసింది. తల్లి సాయం రాలేదు, తలెత్తలేదు కూడా.

"ఊ" అంది, పాకలో ఒంటరిగా కూర్చున్న మేస్త్రికి వినపడేంత గట్టిగా.

లింగరాజు తరవాతి వాక్యం చదివాడు.